డ్రా లేని ఆట

ఆ టైమ్‌కీపర్ పాతికేళ్లుగా హాకీ స్టేడియంలో లీగ్ మ్యాచ్‌లకు క్షణాలు లెక్కపెడుతున్నాడు గానీ, ఇంటి పనికి ఒక్కనాడైనా వేళకు చేరిన పాపాన పోలేదు. అందుకే ఆ ఉదయం భార్య గుమ్మంలోనే నిలదీసింది.

"నా టైలరింగ్ షాపు ప్రారంభం ఐదింటికి. రిబ్బను కత్తిరించేది మీరు. నిమిషం దాటిందా, కత్తెర మా తమ్ముడి చేతికిచ్చేస్తాను."

"మ్యాచ్ నాలుగింటికే అయిపోతుందే! నాలుగున్నరకల్లా నీ ముందుంటాను," అన్నాడతను ధీమాగా. బావమరిది చేతికి ఆ కత్తెర వెళ్తే ఇక జన్మంతా దెప్పులేనని అతనికి తెలుసు.

నాలుగింటికి స్కోరు ఒకటి-ఒకటి. అతను హుషారుగా సైరన్ కొట్టి, బోర్డు మీద 'డ్రా' అని వేసి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆటగాళ్లు లోపలికి వెళ్లిపోయారు. అంతలో అంపైరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"డ్రా ఏంటయ్యా నీ మొహం! ఈ సీజన్ నుంచి డ్రాలు లేవు. పది నిమిషాలు అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే షూటౌట్. కాగితం పంపించాం, చదవలేదా?"

కాగితం వచ్చిన మాట నిజమే. నాలుగు మడతలై, కుంటి బల్ల కాలి కింద బుద్ధిగా పనిచేస్తోంది. అతను కంగారుగా దాన్ని లాగాడు. బల్ల ఒరిగింది, నీళ్ల సీసా దొర్లింది, గడియారం స్విచ్చుల పెట్టె తడిసి మూగబోయింది. ఎలక్ట్రీషియన్ దాన్ని ఆరబెట్టేసరికి ఐదయింది. తీరా చూస్తే ఒక గోల్‌కీపర్ లేడు. ఒళ్లంతా సబ్బుతో స్నానాల గదిలో ఉన్నాడు.

"అయిపోయిందని మీరే కదా సైరన్ కొట్టారు!" అని లోపల్నుంచే అరిచాడు.

అదనపు ఆటలో గోల్ పడలేదు. గోల్‌కీపర్ ఒక్కడినీ దాటి కొట్టే షూటౌట్‌లో చెరి ఐదు అవకాశాలు అయ్యాక కూడా సమానమే. ఇక ఒక్కొక్కరుగా, ఎవరో ఒకరు వెనకబడేదాకా కొట్టాల్సిందే. టైమ్‌కీపర్ షాట్‌కు వచ్చిన ప్రతి ఆటగాడికీ పైనుంచే దణ్ణం పెట్టాడు. వీడితో "కొట్టు నాయనా!" అన్నాడు, వెంటనే అవతలివాడితో "నువ్వు వదిలెయ్ తండ్రీ!" అన్నాడు. మరో రౌండులో అదీ తిరగబడింది.

కింద ప్రేక్షకుల వరసలోని పెద్దాయనకు ఒళ్లు మండింది. "ఇంతకీ నువ్వు ఎవరి పక్క?"

"ఎవరు త్వరగా తేలిస్తే వాళ్ల పక్క!"

పదకొండో జత షాట్లకు తేలింది. అంపైరు చెయ్యి చూపగానే అతను బోర్డు మీద అంకె మార్చి, సైరన్ కొట్టి, పరుగు లంకించుకున్నాడు. ఆరున్నర దాటింది. దారి పొడవునా బావమరిది కత్తెర ఆడిస్తూ కళ్ల ముందు కనిపించాడు.

షాపు దగ్గర రిబ్బను చెక్కుచెదరలేదు. భార్య ఒక్కతే కత్తెర పట్టుకుని నిలబడి ఉంది. అతిథులంతా పక్కనున్న టీవీల దుకాణం అద్దానికి అతుక్కుపోయి ఏదో వాదించుకుంటున్నారు.

"ఏమనుకోకు, ఈసారి నిజంగా..." అని అతను మొదలుపెట్టాడు.

"మిమ్మల్ని ఏమంటాను, వీళ్లని చూడండి! గంటన్నరగా పిలుస్తుంటే మీ మ్యాచ్ వదిలి ఒక్కరూ కదలరే! మా తమ్ముడైతే మరీను, కత్తెర ఇస్తుంటే 'ఈ ఒక్క షాట్ అవనీ అక్కా' అంటాడు. ముందు మీరు కానివ్వండి."

అతనికి పోయిన ప్రాణం లేచివచ్చింది. కత్తెర అందుకుని రిబ్బను కత్తిరించాడు. పాతికేళ్లలో మొదటిసారి తను వేళకు వచ్చినట్టే లెక్క. భార్య నవ్వింది కూడా. అప్పుడు చూశాడు బావమరిది, అతిథులందరినీ వెంటేసుకుని పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, సరిగ్గా ఆఖరి షాట్‌కి కరెంటు పోయింది! ఎవరు గెలిచారు?"

ఆ అంకె బోర్డు మీద వేసింది తనేగానీ, ఏ జట్టు పక్కన వేశాడో ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు.