వజ్రదళంలో ఒకే ఒక్క ఖాళీ

ఆదివారం పొద్దున ఏడున్నరకు తన నడుము పట్టేయాలని ఈశ్వరయ్య శుక్రవారమే నిర్ణయించుకున్నాడు.

నడుము నొప్పి చాలా మర్యాద గల రోగం. జ్వరమైతే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. దగ్గయితే ఏదీ దగ్గు అంటారు. నడుముకు ఒక్కదానికే మనిషి మాటను నమ్ముతారు. ఏడో తరగతితో బడి మానేసిన ఈశ్వరయ్య ఆ తరవాత సొంతంగా నేర్చుకున్న చదువుల్లో ఇదొకటి.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో అతనిది మోటారు వైండింగు దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్తది చుడతాడు. ముప్పై ఏళ్ళు చుట్టీ చుట్టీ చివరికి మనిషే ఒక చుట్టయ్యాడు. చదువుకున్నవాళ్ళంటే కోపం. చదువుకోనివాళ్ళంటే చులకన. తన కోపాన్ని ఇంట్లో ఎవరూ లెక్కచేయరని ఇంకో కోపం.

ఈ కోపాలన్నిటికీ తల్లి కోపం ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు. పంతొమ్మిదో ఏట మిలిటరీ సెలక్షన్‌కు పోయాడు. పరుగులో మొదట వచ్చాడు. తాడు ఎక్కాడు. ఛాతీ కొలిచే దగ్గర మాత్రం, కళ్ళు బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టినా టేపుకు ఒక వేలు తక్కువ పడింది. కొలిచినవాడు మొహమైనా చూడకుండా "నెక్స్ట్" అన్నాడు. ఆ నెక్స్ట్ ఈశ్వరయ్య చెవిలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, స్విచ్ లేని ఫ్యానులాగా.

రెండు నెలల కింద కూతురు నవత అతని ఫోన్లో ఒక ఆట ఎక్కించింది. నవత ఆ ఊళ్ళోనే ఇంజనీరింగు చదువుతోంది.

"ఊకె అందరి మీద గులుగుడు ఎందుకు బాపూ? ఎవలనన్న కాల్చాల్ననిపిస్తే గిండ్ల కాల్చు. కేసు గూడ కాదు."

ఆట పేరు నక్షత్ర కోట. ఆకాశంలో ఎక్కడో ఇనుప కోట, దాన్ని కొరుక్కుతినడానికి వచ్చే ఇనుప పురుగులు. ఎక్కడెక్కడి మనుషులో ఎవరి ఫోన్లోంచి వాళ్ళు సిపాయిలై ఒకేసారి చేరి కోటను కాపాడాలి. మామూలు సిపాయిలు వేలమంది. ఏరి తీసిన సిపాయిలు మాత్రం అయిదుగురే. నీలి కవచం, వీపున రెండు మంటల గొట్టాలు, వాళ్ళు నడిస్తే మామూలు సిపాయిలు పక్కకు జరగాలి. దాని పేరు వజ్రదళం.

హెల్మెట్ పెట్టుకున్నాక ఎవరు మాట్లాడినా ఒకటే గొంతు, ఇనుప డబ్బాలోంచి వచ్చినట్టు. ఆడా మగా తెలియదు, చిన్నా పెద్దా తెలియదు. మాట కూడా అందరిదీ టీవీ వార్తల తెలుగే. ఆకాశంలో నిలబడి "జర ఆగు" అంటే బాగుండదని ఎవరికి వాళ్ళే అనుకున్నట్టున్నారు. అక్కడ ఈశ్వరయ్య పేరు గండరగండడు. వజ్రదళానికి అధిపతి పేరు కమాండర్ ఉల్క.

ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా యుద్ధం చేసే ఈశ్వరయ్య, ఉల్క ఒక్క మాటంటే "ఆజ్ఞ, కమాండర్" అనేవాడు. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు, పురుగులు కూడా రానప్పుడు, నోరు జారి ఛాతీ సంగతి మొత్తం ఉల్కకు చెప్పేశాడు.

తరవాత ఇనుప గొంతు అంది: "గండరగండా, ఇక్కడ ఛాతీలు కొలవము."

ఆ పూట ఈశ్వరయ్య బల్ల కింద తలపెట్టి, పడిపోయిన రాగితీగ కోసం చాలాసేపు వెతికాడు. తీగేమీ పడలేదు.

ఇప్పుడా వజ్రదళంలో ఒకే ఒక్క ఖాళీ వచ్చింది. పరీక్ష ఆదివారం మిట్టమధ్యాహ్నం పన్నెండింటికని ఆటే పెట్టింది. పిలుపు గండరగండడికి, రాకపోతే ఇంకో అవకాశం లేదు.

అదే ఆదివారం, అదే పన్నెండింటికి, కందుకూరులో బావమరిది బాలరాజ్ కొత్త ట్రాక్టర్ దావత్. వేటపోతును కోస్తున్నాడు. పైగా బాలరాజ్ బోరు మోటారు నెల రోజులుగా మొరాయిస్తోంది, వచ్చి చూడమని పదిసార్లు అడిగాడు. బావమరిది పనికి ఎప్పుడూ వరసలో చివరి చోటే ఇవ్వడం ఈశ్వరయ్య పెట్టుకున్న నియమం. కనుక నడుము పట్టక తప్పలేదు.

"అమ్మో! లేవొస్తలేదే!"

భార్య రేణుకమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. పుట్టింట్లో పత్తి ఏరే నలభై మంది ఆడవాళ్ళను ఒక్క కేకతో వరసలో నిలబెట్టిన మనిషి.

"ఎప్పటి సంది?"

"ఇప్పుడే. ఏడున్నరకు."

"టైం చూస్కోని పట్టిందా?"

"నొప్పి లేస్తే మనిషికి గడియారమే కనవడ్తదే. నువ్వు పో. నా గురించి ఫికర్ చెయ్యకు. బాలరాజ్ నొచ్చుకుంటడు."

"మొగుడు మంచంల వడితె నేను ఆడ గూసోని బోటి తింటనా? నేను గూడ పోను."

ఈశ్వరయ్య గుండె నిజంగానే పట్టేసింది. "పోవే! తోడబుట్టినోడు!"

"నవత పోతది. నాకు నువ్వు ముఖ్యం."

ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆమె ఈ మాట అనడం ఇదే మొదలు. అనకూడని రోజు చూసి అంది.

నవత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బస్సుకు పోయింది.

ఆ తరవాత వైద్యం మొదలైంది. రేణుకమ్మ ఎక్కడినుంచో చిన్న చెట్టంత జిల్లేడాకులు కోసుకొచ్చి, ఆముదం పూసి, పెనం మీద కాల్చి, బోర్లా పండుకోబెట్టి వీపంతా పరిచింది.

"కాల్తుందే!"

"కాలాలె. కాలకుంటె అవి ఆకులెందుకైతయి, విస్తరైతది."

ఆకులు జారకుండా పాత చీరతో రొమ్ము నుంచి నడుము దాకా చుట్టింది. చుట్టడంలో తనకంటే పనిమంతురాలు ఇంట్లోనే ఉందని ఈశ్వరయ్యకు ఆ రోజే తెలిసింది. చివరి ముడి వేసేటప్పుడు ఆమె మంచం కోడుకు కాలు తన్నిపెట్టి మరీ లాగింది.

"ఇగ పన్నెండు కొట్టినంక గంట సేపు నన్ను పిలువకు. పప్పు చెయ్యాలె, టీవీల ప్రవచనం ఇనాలె. కదలకుండ పండు."

ఇంతకన్నా ఏం కావాలి! దేవుడు కూడా తన పక్షమే అనుకున్నాడు ఈశ్వరయ్య. దిండు కింది నుంచి ఫోన్ తీసి, చెవుల్లో తీగ పెట్టుకుని, వీపు మీద ఒక బుట్టెడు ఆకులతో నక్షత్ర కోటలో దిగాడు.

సరిగ్గా పన్నెండింటికి కోట ద్వారం ముందు నీలి కవచాలతో నలుగురు వజ్రదళం వీరులు నిలబడ్డారు. అయిదో చోట బూడిద రంగు కవచంతో గండరగండడు.

"దళం, సిద్ధం!" అంది ఉల్క గొంతు. "తొమ్మిది నుంచి కిందికి లెక్కపెడతాను. సున్నాకు ద్వారం దాటాలి. తొమ్మిది... ఎనిమిది..."

అప్పుడు వచ్చింది ఘాటు. వంటింట్లో ఎండుమిరపకాయల పోపు మాడుతోంది. మామూలు మాడడం కాదు, ఎవరో పొయ్యి మీద పెట్టి ఆ సంగతే మరిచిపోయిన మాడడం. ఈశ్వరయ్య ముక్కు పట్టుకున్నాడు, మూతి బిగించాడు, దిండు కొరికాడు.

"మూడు... రెండు..."

"హాఛ్!"

ఆ తుమ్ము హెల్మెట్లోంచి, ఇనుప గొంతులో, కోటంతా మోగింది.

"ఆగుర్రి!" అరిచింది కమాండర్ ఉల్క. "ఎవలు తుమ్మిన్రు? ఒక్కటే తుమ్ము! ఒక్కలు గూడ గడప దాటొద్దు! అందరు కూసోర్రి!"

టీవీ వార్తల తెలుగు ఎటు పోయిందో పోయింది. నీలి కవచాల వీరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కమాండర్, మనది ఆకాశ యుద్ధం కదా..." అన్నాడు ఒక వీరుడు.

"అయితే? ఆకాశంల తుమ్ము తుమ్ము కాదా? కూసోని మంచినీళ్ళు తాగి పోవాలె."

"ఇక్కడ నీళ్ళెక్కడివి కమాండర్?"

"మీ ఇండ్లల్ల లేవా? లేసి పోయి తాగి రార్రి!"

ఎక్కడెక్కడి ఊళ్ళలోనో నలుగురు మనుషులు లేచి కుండల దగ్గరికి పోయారు. నలుగురు వజ్రదళం వీరులు మంటల గొట్టాలతో సహా గడప ముందు చతికిలబడ్డారు. లేవలేనివాడు గండరగండడు ఒక్కడే. చీర బిగిసి ఉంది. దాహం సంగతి కాదు, కమాండర్ ఆజ్ఞ. ఏం చేయాలో తోచక గొంతెత్తాడు.

"రేణుకా! జర మంచినీళ్ళు తేవే!"

చెవిలోని ఇనుప గొంతు అలవాటు కొద్దీ జవాబిచ్చింది: "ఆగు, తెస్తున్న!"

అదే మాట గోడ అవతలి నుంచి కూడా వినపడింది.

తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో నీళ్ళ చెంబు, మెడలో నవత కంప్యూటర్ తాలూకు చెవి డిప్పలు, ముక్కు మీద పోపు ఘాటుకు వచ్చిన నీళ్ళు. కమాండర్ ఉల్క గుమ్మంలో నిలబడి ఉంది.

"తాగు," అంది. "జల్ది తాగు. అవతల దళం కూసున్నది."

"నువ్వా..." అన్నాడు. నీళ్ళు పొరబోయాయి.

"నేనే. నవత నీకంటె ముందుగాల నాకు నేర్పింది. తాగినంక అడుగు."

"నేనని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే తెలిసింది. తలుపు మూసి, నాలుగడుగులు పోయి, మల్ల ఎనకకొచ్చి మూడు సార్లు గుంజి చూసే సిపాయి ఈ లోకంల ఇంకెవడున్నడు? దుకాణం తాళం గట్లనే గుంజుతవు, ఆకాశంల గూడ గట్లనే గుంజుతవు."

"మరి చెప్పలేదేందే?"

రేణుకమ్మ చెంబు అందుకుంది. "ఇంట్ల నేనేమన్న అంటె నాలుగంటవు. ఆడ ఆజ్ఞ అంటవు. రెండు నెలల సంది జర ఆడనే కాపురం చేస్తున్న." గుమ్మం దాకా పోయి ఆగింది. "ఆ ఛాతీ ముచ్చట ఇరవై అయిదేండ్ల సంది నాకు చెప్పలే. కమాండర్‌కు చెప్పినవు. పోనీ, ఎవలకో ఒకలకు చెప్పినవు గద."

ఈశ్వరయ్య ఫోన్లోని బూడిద కవచం వైపు చూశాడు.

"నన్ను తీస్కుంటవా మరి దళంల?"

"పరీక్ష పరీక్షనే. నువ్వు మొగుడివని ఒక్క మార్కు ఎక్కువెయ్య. లేవనీకి రాకుంటె పండుకోనే ఆడు."

ఆమె అవతలికి పోయేసరికి కోట ద్వారం అవతలి ముంగిట్లో, సున్నా అనగానే వాళ్ళు నిలబడి ఉండాల్సిన చోట, మూడు ఉల్కలు పడి పెద్ద గుంటలు పడ్డాయి. నీళ్ళు తాగి వచ్చిన నలుగురు వీరులూ ఆ గుంటల వైపు చూసి, తరవాత ఎన్నడూ కమాండర్‌ను ప్రశ్న అడగలేదు.

అందరూ లోపలికి దూరాక గండరగండడు తలుపు మూశాడు, యుద్ధం మొదలైంది. నలుగురు వీరులు మంటలు చిమ్ముకుంటూ కోట చివరి గది దాకా దూసుకుపోయారు. గండరగండడు కూడా పరిగెత్తాడు. నాలుగు అడుగులు వేశాక కాలు ఆగింది. వెనక్కి తిరిగాడు.

"గండరగండా, ముందుకు!" అంది ఉల్క, మళ్ళీ వార్తల తెలుగులో.

"ఒక్కసారి తలుపు చూసొస్త, కమాండర్."

మొదటిసారి గుంజాడు. బాగానే ఉంది. రెండోసారి గుంజాడు. బాగానే ఉంది. మూడోసారికి గడియ ఊడి చేతికొచ్చింది. సందులో వందల ఇనుప పురుగుల ఎర్ర కళ్ళు! ఒంటరిగా తలుపుకు వీపు ఆనించి, నలుగురు వీరులు వెనక్కి వచ్చేదాకా పురుగులను ఆపి పట్టాడు.

కోట నిలిచింది. ఫోన్లో గండరగండడి బూడిద కవచం మెల్లగా నీలంగా మారింది.

"వచ్చింది! నాకు వచ్చింది!"

మంచం మీద నిటారుగా లేచి నిలబడి ఈశ్వరయ్య ఊపిరి పీల్చాడు. టప్పుమని చీర ముడి తెగింది. జిల్లేడాకులు గదంతా ఎగిరాయి. ముప్పై ఏళ్ళ కింద రాని ఒక్క వేలు అప్పుడు వచ్చింది. కొలవడానికి టేపు లేదంతే.

ఆకులు కింద పడ్డాక గుమ్మంలో బాలరాజ్ కనిపించాడు. చేతిలో బోటి కూర గిన్నె, పక్కన నవత. బావ మంచం పట్టాడని దావత్ సగంలో వదిలి వచ్చాడు.

"బావా," అన్నాడు బాలరాజ్ మెల్లగా, "నడుము పట్టిందంటిరి?"

ఈశ్వరయ్య మంచం మీద నిలబడే ఉన్నాడు. దిగితే నొప్పి లేదని తెలుస్తుంది. దిగకపోయినా తెలుస్తుంది.

రేణుకమ్మ వంటింట్లోంచి వచ్చింది. "సూడు తమ్మీ, జిల్లేడాకుల మహిమ! ఎగురుతున్నడు. ఇగ నీ బోరు మోటరు ఫికర్ చెయ్యకు." మొగుడి వైపు తిరిగి, గొంతు మార్చి అంది: "గండరగండా! రేపు ఉదయం ఆరు గంటలకు. కందుకూరు. బోరు మోటారు."

"ఆజ్ఞ, కమాండర్," అన్నాడు ఈశ్వరయ్య. చెయ్యి దానంతట అదే నుదుటి దగ్గరికి పోయింది.

బాలరాజ్ నవత చెవిలో అడిగాడు: "బిడ్డా, మీ బాపుకు నొప్పి నడుములనా, నెత్తిలనా?"

సోమవారం ఆరింటికి ఈశ్వరయ్య పనిముట్ల సంచి బండికి తగిలించాడు. మోటారు పైకి లాగడం ఒక్కడి పని కాదని రేణుకమ్మ కూడా చెంగు దోపి బయలుదేరింది. బండి కిక్కు కొట్టబోతుండగా లోపల్నుంచి నవత తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

ఇద్దరూ బండి దిగారు. ఇంటి ముందు మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. నవత నవ్వాపుకుంటూ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ తుమ్ము నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

"తాగు," అంది రేణుకమ్మ.

"ముందుగాల నువ్వు తాగు," అన్నాడు ఈశ్వరయ్య. వజ్రదళం లేవడానికి తొందర పడలేదు.