చెకుముకి తుపాకీకి గుమ్మడికాయ

తెల్లవారుతూనే క్లాంగ్‌లో బయల్దేరాలి. తాపా దగ్గర ఆగి రోటీ చానాయ్ తినాలి. ఇపో చేరి తుపాకీ ఒక్కసారి పేల్చాలి. మధ్యాహ్నం కునుకు వేళకు ఇంట్లో ఉండాలి. ఆ ఆదివారానికి కన్నబాబు వేసుకున్న పథకం ఇంతే.

తుపాకీ అంటే ఇప్పటిది కాదు. చెకుముకి రాయి ఇనుముకు తగిలి నిప్పు రాలాలి. ఆ నిప్పు పక్కనున్న చిన్న గిన్నెలోని మందుకు అంటుకోవాలి. అక్కణ్నుంచి గొట్టంలోకి పాకాలి. అప్పుడు దానికి మనసైతే పేలుతుంది. ఇపో పక్కన ఒక క్లబ్బువాళ్లు పోలీసుల అనుమతితో ఏడాదికోసారి అలాంటి వాటిని బయటికి తీసి, సరదాపడ్డవాళ్ల చేత పేల్పిస్తారు.

కన్నబాబుది సరదా కాదు, పరువు. మలేషియాకు, పెరాక్‌లో రబ్బరు తోటకు కూలికి వచ్చిన ఆయన ముత్తాత అలాంటి తుపాకీతోనే పులిని కొట్టాడని వాళ్లింట్లో కథ. ముత్తాత ఫోటో లేదు, తుపాకీ లేదు, పులి తోలూ లేదు. మిగిలింది కథ ఒక్కటే. పోర్ట్ క్లాంగ్ గోదాములో కంటైనర్లు దింపించే కన్నబాబు, లారీ రావడం కాస్త ఆలస్యమైతే చాలు, కళ్లు సగం మూసి ఆ రబ్బరు చెట్ల మధ్యకు వెళ్లిపోయేవాడు.

భార్య దేవకికి అన్న అయిన కాంతయ్యకు మాత్రం ఆ కథ గిట్టదు. మొన్న తెలుగు సంఘం విందులో అందరూ వింటుండగానే అన్నాడు.

"పులి కాదు బావా, ముసాంగ్ అయ్యుంటాది. కోళ్ల గూట్లో దూరిన పునుగుపిల్లిని మీ ముత్తాత కర్రతో కొట్టినాడు. చారలు మీరెట్టినారు."

అందరూ నవ్వారు. కన్నబాబు నవ్వలేదు. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఆ తుపాకీతో కన్నబాబు ఎదురుగా పెట్టే గురి అట్టను కొడితే, అది పులేనని కాంతయ్య సంఘంలో మైకు పట్టుకుని చెప్పాలి. కొట్టలేకపోతే కన్నబాబు ఇక ఆ కథ ఎవరి దగ్గరా ఎత్తకూడదు. ఎత్తకపోతే ముత్తాత రెండోసారి చచ్చిపోయినట్టేనని కన్నబాబుకు తెలుసు.

ఆదివారం పొద్దున కారు తలుపు తీస్తే వెనకసీట్లో మేనత్త దేవుడమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్లో బూడిద గుమ్మడికాయ.

"ఇదేటత్తా?"

"కారు కొన్ననాడు సక్రాల కింద నిమ్మకాయలెట్టినాం. ఫ్రిజ్‌కి బొట్టెట్టినాం. తుపాకీ ఏటి పాపం సేసినాది?"

"అది మనది కాదత్తా."

"పేల్చేది మనోడే కదా."

ఇపో చేరేసరికి సున్నపురాతి కొండల నడుముకు మంచు చుట్టుకుని ఉంది. కొండల పైభాగాలు వేరే ఊరివిలా గాలిలో తేలుతున్నాయి. ఆ మంచు చూడగానే కన్నబాబు సగం మాయమయ్యాడు. పూర్వం సైన్యంలో పనిచేసిన సుగుమారన్ అక్కడ తుపాకీలు పేల్పించే మనిషి. అతను తుపాకీలో మందు దట్టిస్తూ నియమాలు ఒక్కొక్కటే తమిళంలో చెబుతున్నాడు. కన్నబాబు తలాడిస్తున్నాడు గానీ చెవులు వందేళ్ల వెనక ఉన్నాయి. పందెం చూడ్డానికి వెంట వచ్చిన కాంతయ్య ఫోనుకు సిగ్నల్ వెతుక్కుంటున్నాడు. తుపాకీ వైపు నడుస్తున్న అత్తను పట్టుకోవడానికి దేవకి వెళ్లింది.

పట్టుకోలేకపోయింది. సుగుమారన్ టోపీ సర్దుకునేలోపు దేవుడమ్మ తుపాకీకి బొట్టు పెట్టి, పసుపునీళ్లు చల్లేసింది.

కన్నబాబు గురి చూసి మీట నొక్కాడు. రాయి టక్కుమంది. అంతే.

కాంతయ్య నవ్వాడు. సుగుమారన్ వంగి చూస్తే గిన్నెలో మందు పచ్చగా ముద్దయి ఉంది.

"తుపాకీకి ఎవరు స్నానం చేయించారు?"

"స్నానం కాదు నాయనా, రెండు సుక్కలు," అంది దేవుడమ్మ. అంటూనే గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించింది. అది పెట్టింది మందు పెట్టె పక్కన.

సుగుమారన్ జీవితంలో ఎన్నడూ అంత వేగంగా పరిగెత్తి ఉండడు. టోపీతో కర్పూరం ఆర్పి, గుమ్మడికాయను తీసుకెళ్లి కన్నబాబు వెనకున్న బల్ల అంచున పెట్టాడు. దానికి దేవుడమ్మ ముందే పైన చిల్లు పెట్టి, పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లు నింపింది. తెల్లచొక్కా వేసుకున్న కాంతయ్య ఆ బల్ల అవతల నిలబడి ఫోనులో వీడియో మొదలుపెట్టాడు.

"కానీ బావా. పునుగుపిల్లి ఎదురుసూత్తన్నాది లా," అన్నాడు, మలయ్ మాటల ఊతపదం చివర తగిలించి.

సుగుమారన్ గిన్నె తుడిచి కొత్త మందు పోశాడు. కన్నబాబు మీట నొక్కాడు. గిన్నెలో భగ్గుమని మెరుపు వచ్చింది. తుపాకీ మాత్రం పేలలేదు.

ఆ మెరుపుకూ పేలుడుకూ మధ్య ఎంతసేపు గడిచిందో కన్నబాబును అడిగితే ఒక వానాకాలం అంటాడు. పొగ మంచులో కలిసింది. మంచులోంచి రబ్బరు చెట్లు వరసగా నడిచి వచ్చాయి. చెట్టుచెట్టుకూ కట్టిన చిప్పల్లో పాలు చుక్కచుక్కగా పడుతున్నాయి. వాటి మధ్య నుంచి పులి వచ్చింది. స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ మనిషిలా ఓపిగ్గా నిలబడి ఆయన్ని చూసింది. పక్కన ఎవరో ఉత్తకాళ్లతో నిలబడి ఉన్నారు. "కళ్లు మూసుకోకు లా," అన్నాడు ఆ మనిషి. ముత్తాత నోట ఈ "లా" ఏమిటని కన్నబాబు కలలోనే ఆశ్చర్యపోయాడు.

ఢామ్మంది.

కన్నబాబు ఎగిరి వెనక్కి పడ్డాడు. ఆయన తగిలి బల్ల, బల్లతో గుమ్మడికాయ లేచిపోయాయి. తెల్లటి పొగ అందరినీ కప్పేసింది. అది విడిపోయేసరికి కాంతయ్య చొక్కా నిండా ఎరుపు.

"అన్నయ్యా," అంటూ దేవకి పరిగెత్తింది.

తుపాకీ గొట్టం ముందుకుంటే వెనకున్నవాడికి ఎలా తగిలిందని ఎవరూ ఆలోచించలేదు. కాంతయ్య అసలే ఆలోచించలేదు. గుండెల మీద చూసుకుని, జాగ్రత్తగా గడ్డి ఉన్నచోట చూసి పడుకున్నాడు.

"బావా," అన్నాడు, కన్నబాబు చెయ్యి పట్టుకుని. "పులే. ముసాంగ్ కాదు."

"మాటాడకు బావా. ఆస్పత్రికి ఎల్దాం."

"సెప్పనీ. మీ ఇంట్లో సెప్పుకోడానికి పులైనా ఉన్నాది. మా ఇంట్లో ఏటున్నాది? అందుకే కడుపుమంట. పులే బావా. పెద్ద పులి."

కన్నబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ వినాలనుకున్న మాట ఇంత ఖరీదవుతుందని ఆయన అనుకోలేదు. దేవుడమ్మ వంగి, వేలితో చొక్కా మీది ఎరుపు తీసి వాసన చూసింది.

"కాంతయ్యా, నీ నెత్తురులో సున్నం కాస్త ఎక్కువైనాది."

కాంతయ్య చొక్కా గుండీ విప్పి చూసుకున్నాడు. వెతికాడు. చిల్లు లేదు. లేచి కూర్చుని గుమ్మడి గింజలు దులుపుకున్నాడు.

"సావుమాట లెక్కలోకి రాదు," అన్నాడు. "పందెం అట్ట మీద. అట్ట సూడండి."

సుగుమారన్ అట్ట తెచ్చాడు. కొన్నప్పటిలా తెల్లగా ఉంది. కన్నబాబు దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"చిల్లెలా ఉంటుంది అంకుల్?" అన్నాడు సుగుమారన్. "మొదటిసారి పేల్చేవాళ్లకు గుండు వేయం. ఉత్త మందే. పొద్దున చెప్పాను కదా."

"మరి నన్నంత గట్టిగా తన్నినాదే?"

"అది తన్నలేదు. మీరే ఎగిరారు."

కాంతయ్య లేచి నిలబడ్డాడు. "అట్టకి తగల్నేదు. అయితే కథ బందు," అంటూ గడ్డిలో పడ్డ ఫోను తీశాడు. అది ఇంకా వీడియో తీస్తూనే ఉంది. దేవకి దాన్ని అన్న చేతిలోంచి మెల్లగా లాక్కుని సంచిలో వేసుకుంది.

దేవుడమ్మ పగిలిన గుమ్మడి ముక్కలు ఏరుతూ, తల ఎత్తకుండా అంది.

"గుండు నేకుండానే మనిషి పడ్డాడు. గుండుంటే పులి పడదేటి?"