మా హాలు దీపాన్ని ముట్టుకోకండి!

నిచ్చెన లేకుండా ఆకాశమధ్యాన్ని చేరేవాడా, వైరు లేకుండా వెలిగేవాడా, యుగాలు గడిచినా ఫ్యూజు పోనివాడా, సహస్రకిరణా, భాస్కరా! ఈ అల్పుడు ఒక అల్పదీపాన్ని గురించి వ్రాయబూనాడు. నా బుద్ధికి వెలుగును, నా కలానికి అదుపును ప్రసాదించు.

పాఠక మహాశయులారా! ఇంటి పైకప్పుకు వేలాడే పాత లైటును మార్చడమంతటి అవివేకం ముల్లోకాలలోనూ లేదని సవినయంగా ప్రకటిస్తున్నాను.

మా హాలులో అటువంటిది ఒకటుంది. ఇత్తడి గొలుసు, మూడు గాజు గిన్నెలు. ఒకదానిలో బల్బు వెలగదు. రెండవది వెలగాలా వద్దా అని సాయంకాలమంతా మీమాంస చేస్తుంది. మూడవదానిలో పురుగుల అస్థికలు తప్ప మరేమీ లేవు. దేహం అశాశ్వతమని బోధించడానికి ఇంతకు మించిన గురువు కావాలా?

వెలుగు తగ్గితే ఎన్ని లాభాలు! గోడమీది చెమ్మ కనబడదు. సోఫా చిరుగు కనబడదు. వచ్చిన బంధువు ముఖంలోని విసుగు కనబడదు. నేనూ నా ధర్మపత్నీ ఒకరికొకరం పాతికేళ్లవాళ్లలా కనబడతాం. ఏ ఎల్ఈడీ ఇవ్వగలదండీ ఈ యౌవనం?

ఇక వ్యాయామం. ఆ దీపం వైర్ల తొడుగు ఎండి, పెళుసై రాలిపోతోంది. అందుచేత రోజుకు మూడుసార్లయినా మెయిన్ స్విచ్ దానంతట అదే పడిపోతుంది. ఫ్యాను ఆగగానే నేను లేచి, వరండాలోని బోర్డు వరకు నడిచి, స్విచ్ పైకెత్తి వచ్చి కూర్చుంటాను. ఎవరినీ అడగను, ఎవరికీ చెప్పను. మా ఇంటిల్లిపాదిదీ ఇదే పద్ధతి. ఎవరికి ముందు చెమట పడితే వారే ఎత్తుతారు. ఏడేళ్లుగా ఈ పోటీలో నేనే ప్రథముణ్ణి. డాక్టరుగారు నా మోకాళ్లను మెచ్చుకున్నారు కూడా!

ఇంతటి మహోపకారిని తొలగించాలని మా కోడలికి బుద్ధి పుట్టింది. ఎలక్ట్రీషియన్ను పిలిపించింది. వచ్చినావిడను వీధివీధంతా టెస్టరమ్మ అంటుంది. టెస్టరు పెట్టి చూడనిదే వైరును వేలితో తాకదట. బల్లమీద కుర్చీ వేసుకోమని నేను ఉచిత సలహా ఇస్తే, పట్టించుకోకుండా నాలుగు కాళ్ల నిచ్చెన తెచ్చుకుంది. తలకు తగలకుండా హాలు ఫ్యాను ఆపింది. మాది గోడ స్విచ్ ఆపినా పైన కరెంటు మిగిలే పాతకాలపు వైరింగు కనుక, వెళ్లి మెయిన్ కూడా దించింది.

"మెయిన్ దించానండోయ్! నేను చెప్పేదాకా ఎవ్వరూ ముట్టుకోవద్దు. విన్నారా పెద్దాయనా?"

నా గదిలో పారాయణలో ఉన్న నేను గంభీరంగా తల ఊపాను.

పాత దీపం దిగింది. వైర్లు రెండూ కప్పునుంచి వేలాడుతున్నాయి. కొత్తదాని స్క్రూల కోసం టెస్టరమ్మ కిందికి దిగింది. సరిగ్గా అప్పుడే నా నుదుట చెమట పట్టింది. నాలుక శ్లోకంమీదే ఉంది, కాళ్లు మాత్రం వరండాకు వెళ్లాయి. టక్! తిరిగి వచ్చి, రెండవ పాదం అందుకున్నాను.

టెస్టరమ్మ నిచ్చెన ఎక్కింది. ఇందాక చూసిందే కదా అనుకోకుండా మళ్లీ టెస్టరు పెట్టింది. ఎర్రగా వెలిగింది.

"ఎవరండీ మెయిన్ వేసింది?" ఇల్లు అదిరింది.

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, నేను కాదక్కా! పొయ్యి దగ్గరున్నా."

మా ఆవిడ నా గదిలోకి తొంగిచూసింది. నా ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"ఏమండీ, తమరేనా?"

"దానంతట అదే పడిపోయిందనుకున్నానే..."

"ఆవిడ చెబితే తల ఊపారుగా! దేనికి ఊపినట్టు?"

"శ్లోకానికి."

"బాగుంది సంబడం! మీ తల ఊపుడు నమ్ముకుని ఆవిడ చెయ్యి పెట్టుంటే?"

టెస్టరమ్మ దిగి వచ్చింది. "సాయంత్రం బడి నుంచి మా పాపని తీసుకురావాలి పెద్దాయనా. నేను తప్ప ఇంకెవరూ లేరు," అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత ఆమె మెయిన్ దించి, బోర్డు ముందు కుర్చీ వేసి, నన్ను కూర్చోబెట్టింది. "పని అయ్యేదాకా ఎవరొచ్చినా ఆపండి." ఆపవలసిన మనిషిని నేనే గనుక, నన్ను నేను ఆపుకుంటూ గంటసేపు కూర్చున్నాను. చెమట ధారలు కట్టింది. కదిలితే ఒట్టు!

మహాశయులారా, ఇందాకటినుంచి దీపాన్ని వెనకేసుకొచ్చాను. క్షమించండి. దీపాలతో నాకు పేచీ లేదు. వినకుండా ఊగే తలకాయతోనూ, అడగకుండా లేచే చేతితోనూ నా పేచీ. రెండూ నావే కావడంచేత ఇంత డొంకతిరుగుడుగా మాట్లాడాను.

నిచ్చెన ఎక్కినవారెల్లరు క్షేమంగా దిగుదురు గాక! చెవిన పడిన మాట చేతి వరకు చేరుగాక! ఇది చదివినవారికి, చదవగా విన్నవారికి, మెయిన్ ఎత్తే ముందు "ఎత్తనా?" అని అడిగేంత ఓపికా, అవతలివారికి "ఇంకా వద్దు" అని బదులు చెప్పేంత ఆయుష్షూ కలుగుగాక!