అతిథులకు పరీక్ష అక్కర్లేదు

మహమ్మారి మొదలైన నాటి నుంచి నేటి వరకు తమ ప్రాంగణంలో ఒక్క రోగికి కూడా వైరస్ సోకలేదని మన ఊరి క్యాన్సర్ ఆసుపత్రి యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. ఇంత గొప్ప విజయం ఎలా సాధ్యమైందని కొందరు ఆశ్చర్యపోయారు. ఇందులో రహస్యమేమీ లేదు. ఒక్క రోగిని కూడా లోపలికి రానివ్వలేదు.

రావద్దని మాత్రం ఎవరూ అనలేదు. అది మర్యాద కాదని యాజమాన్యానికి తెలుసు. వైరస్ లేదన్న సర్టిఫికెట్ చూపించి ఎవరైనా నిరభ్యంతరంగా లోపలికి రావచ్చని గేటు పక్కన మూడు రంగుల్లో బోర్డు పెట్టారు. ఆ సర్టిఫికెట్ నమూనా ఇచ్చిన రోజు నుంచి మూడు రోజులు చెల్లుతుంది. ఫలితం నాలుగో రోజు వస్తుంది. మొదటి నియమాన్ని ఒక కమిటీ చేసింది, రెండో దాన్ని మరో కమిటీ చేసింది. రెండు కమిటీలూ భోజనం వేళ దాటిపోయినా లేవకుండా కూర్చుని పనిచేశాయి. విడివిడిగా చూస్తే దేన్లోనూ వంక పెట్టడానికి లేదు.

నమూనాలు తీసుకునే టెంటు గేటు బయటే ఉంది. వాటిని పరీక్షించే ల్యాబు ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. అంటే రోగి ముక్కులోని తడి రోజూ గేటు దాటి లోపలికి వెళ్ళి, నాలుగు రోజులు హాయిగా ఉండి వచ్చేది. ముక్కు మాత్రం బయటే ఉండేది.

అలా బయట నిలబడ్డ ముక్కుల్లో మిషనక్కది ఒకటి. ఆమె అసలు పేరు ఆసుపత్రి ఫైల్లో తప్ప ఎక్కడా వినపడదు. ముప్ఫై ఏళ్ళుగా కుట్టు మిషను ముందు కూర్చుంది కాబట్టి మన వీధికంతా మిషనక్కే. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. తర్వాత ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఆరు డోసుల మందు ఎక్కించాలన్నారు. రెండు ఎక్కించారు. మూడోది ఎక్కించాల్సిన వారమే గేటుకు గొలుసు పడింది.

"తేదీ మాత్రం తప్పకూడదమ్మా. మనం ఆగితే అది ఆగదు" అని రెండో డోసునాడు డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పాడు. తర్వాత ఆ డాక్టరే సంతకం చేసిన సర్క్యులర్ గేటుకు అంటించారు. ప్రస్తుత అసాధారణ పరిస్థితుల దృష్ట్యా రోగులు ఓపిక పట్టి సహకరించవలసిందిగా అందులో కోరారు. రోగులు సహకరించారు. సర్క్యులర్ ప్రతిని వాళ్ళ వాళ్ళ గడ్డలకు కూడా అందజేసి ఉంటే బాగుండేదని మిషనక్క ఆడపడుచు అభిప్రాయపడింది. ఈ ఆడపడుచు ఆమెతోనే ఉంటుంది, మిషను పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది, నోరు కాస్త ఎక్కువ.

నాలుగో రోజు టెంటులో కాగితం తీసుకుని, పది అడుగులు నడిచి గేటు దగ్గరికి వెళ్తే కాపలాదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"ఇది నిన్నటితో అయిపోయిందక్కా."

"ఇప్పుడే కదయ్యా నీ పక్క టెంటులో ఇచ్చారు! ముట్టుకుని చూడు, ఇంకా వేడిగా ఉంది."

"వేడి సంగతి నాకు చెప్పలేదక్కా. తేదీ చూడమన్నారు, చూస్తున్నా."

"నాకు ఆ జబ్బు లేదనే కదా ఇందులో రాసింది?"

"మొన్న లేదు. ఇవాళ ఉందో లేదో నాకేం తెలుసు? ఇంకోసారి ఇచ్చి రా. ఎంతసేపు, ముక్కే కదా."

అలా పదకొండు సర్టిఫికెట్లు పోగయ్యాయి. మన వీధిలో అంత ఆరోగ్యవంతురాలు ఇంకెవరూ లేరని కాగితాల సాక్షిగా రుజువైంది. అయినా మన అపార్ట్‌మెంట్ సంఘం జాగ్రత్తగా ఉండాలని నిర్ణయించింది. ఆమె తరచూ ఆసుపత్రికి వెళ్ళొస్తోంది కాబట్టి లిఫ్టు వాడవద్దని తీర్మానించి, తలుపుకు కాగితం అంటించింది. ఊళ్ళోంచి వస్తోంది కాబట్టి ఆసుపత్రి వాళ్ళు రానివ్వలేదు, ఆసుపత్రి నుంచి వస్తోంది కాబట్టి మనం రానివ్వలేదు. ఆమెకంటూ మిగిలింది మెట్లు. నాలుగు అంతస్తులు, అంతస్తుకోసారి కూర్చుంటూ ఎక్కేది. సాయంత్రం ఆరింటికి ఆమె రెండో అంతస్తు మెట్ల మీద ఆయాసపడుతుంటే మనమంతా కిటికీల్లో నిలబడి, ఆసుపత్రుల త్యాగాన్ని మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒక్కరోజు కూడా మానలేదు. వానొచ్చినా కొట్టాం.

గేటు దగ్గర ఆమెకు ఒక తోడు దొరికాడు. సిటీ బస్సు కండక్టరు. గొంతు క్యాన్సర్. వరసగా ముప్ఫై రోజులు రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు. తొమ్మిది రోజులయ్యాక ఆపేశారు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని ఇరవై ఆరేళ్ళు అరిచిన గొంతులో ఇప్పుడు గాలి తప్ప ఏమీ మిగల్లేదు. రోగుల సౌకర్యార్థం ఆసుపత్రి ఒక ఫోన్ నంబరు ఏర్పాటు చేసింది. ఫోన్ చేస్తే, మీ సమస్యను స్పష్టంగా, గట్టిగా చెప్పండి అంటుంది. ఆయన తన సమస్యను చెప్పాడు. మీరు ఏమీ మాట్లాడలేదు, మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు అని పెట్టేసింది. సేవలు నచ్చితే ఐదు నొక్కమంది.

"ఏం నొక్కావన్నా?" అని మిషనక్క అడిగింది.

"గొంతు నొక్కుదామనుకున్నా చెల్లెమ్మా. దానికి లేదు" అన్నాడాయన గుసగుసగా. వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. దూరం పాటించకుండా నవ్వినందుకు కాపలాదారు ఈల వేశాడు.

ఈలోగా ఆసుపత్రికి మాస్కుల కరువొచ్చింది. గుడ్డ మేమిస్తాం, ఎవరైనా కుట్టిపెట్టండి అని ప్రకటించారు. మిషనక్క ఒప్పుకుంది. ఆమె కత్తిరింపు అచ్చు కోసం వెతుక్కునే పని లేకపోయింది. పదకొండు సర్టిఫికెట్లు ఉన్నాయి, కాగితం దళసరిది. దాన్ని మాస్కు ఆకారంలో కత్తిరించి గుడ్డ మీద పెట్టి చుట్టూ గీత గీసేది. ఆ సర్టిఫికెట్లు మొత్తానికి ఎవరికో ఒకరికి పనికొచ్చాయి. ప్రతి సోమవారం రెండు మూటలు గేటు దగ్గరికి వెళ్ళేవి. కాపలాదారు వాటి మీద ఏదో మందు చల్లి లోపలికి పంపేవాడు. మూటల్ని తేదీ అడగలేదు.

మాస్కులు ఐదు వేలు దాటిన రోజు ఆసుపత్రి ప్రచార అధికారి ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ నిస్వార్థ సేవకు మా డైరెక్టరుగారు కదిలిపోయారు. శుక్రవారం మా ఆడిటోరియంలో మీకు సన్మానం. టీవీ వాళ్ళొస్తున్నారు."

"నా సర్టిఫికెట్‌కి తేదీ దాటిపోయింది సార్."

"అయ్యో, మీరు అతిథులు మేడమ్. సర్టిఫికెట్ రోగులకు. అతిథులకెందుకు?"

ఆమె ఫోన్ పెట్టేసి ఆడపడుచుకు చెప్పింది. ఆడపడుచు గుండీ కుట్టడం ఆపి నోట్లోని దారం తీసింది.

"వదినా, అయితే నువ్వు తప్పు వేషంలో వెళ్ళావన్నమాట ఇన్నాళ్ళూ. రోగివని చెప్తే గేటు వేస్తారు, గొప్పదానివని చెప్తే కుర్చీ వేస్తారు. ఫైలు చంకన పెట్టుకో. పైన పైట కప్పుకో."

శుక్రవారం కాపలాదారు ఆమెను చూసి అలవాటుగా చెయ్యి చాచాడు. ప్రచార అధికారి పరిగెత్తుకొచ్చి ఆ చేతిలో పూలగుత్తి పెట్టి, దాన్ని ఆమెకు అందించమన్నాడు. గేటు దగ్గర రెండు రిజిస్టర్లున్నాయి, రోగులది ఒకటి, అతిథులది ఒకటి. రోగుల దాని కొత్త అట్ట ఇంకా నలగలేదు. అతిథుల దాంట్లో అప్పటికి నూట నలభై పేర్లున్నాయి. అందులో మన సంఘం కార్యవర్గమంతా ఉంది. ఆడిటోరియంలో మనం భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నాం.

డైరెక్టరుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. "ఈ తల్లి సూదితో శత్రువును పొడిచింది! దారంతో సమాజాన్ని కుట్టింది! ఈమెకు మేమేమిచ్చి రుణం తీర్చుకోగలం? ఆమె అడగాలే గానీ ఈ ఆసుపత్రి తలుపులు..." అని, తలుపులు ఏమవుతాయో తోచక చేతులు బాగా వెడల్పుగా చాచారు. ఆ చాచిన చేతుల్ని మూడు కెమెరాలు తీసుకున్నాయి.

మిషనక్కను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆమె సరిగ్గా అంతే మాట్లాడింది.

"ఎలాగూ లోపలికొచ్చాను. నా మూడో డోసు ఎక్కించండి."

చంకలోని ఫైలు తీసి డైరెక్టరుగారి చేతిలో పెట్టింది. ఆయన చాచిన చేతులు ఇంకా దించలేదు కాబట్టి పట్టుకోక తప్పలేదు. ఫైలు మీద తమ ఆసుపత్రి ముద్రే ఉండటం చూసి ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. కెమెరాలు దగ్గరికొచ్చాయి. "తప్పకుండా తల్లీ!" అన్నారు. మనం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

చిక్కల్లా తర్వాత వచ్చింది. రోగుల రిజిస్టర్లో పేరు లేని మనిషికి మందు ఎక్కిస్తే నేరం. రోగుల రిజిస్టర్లో పేరు రాయాలంటే సర్టిఫికెట్ కావాలి. ముగ్గురు అధికారులు అరగంట తలలు పట్టుకున్నారు. చివరికి ఒక పాత నర్సు, "ఆమె అతిథి కదండీ. అతిథికి ఏదో ఒకటి ఇచ్చి పంపుతాం కదా" అని అతిథుల రిజిస్టర్ తెరిచి, మర్యాదలు అన్న గడిలో ఇలా రాసింది: పూలగుత్తి ఒకటి, ప్రశంసాపత్రం ఒకటి, పానీయం ఒకటి, అర లీటరు, చేతి నరం ద్వారా.

అంత పకడ్బందీగా రాసిన రిజిస్టరు మన ఊళ్ళో ఇంకొకటి లేదు.

మిగతా మూడు డోసుల కోసం మరో మూడు సన్మానాలు జరగక తప్పలేదు. పది వేల మాస్కులకు ఒకటి, పదిహేను వేలకు ఒకటి, ఇరవై వేలకు ఒకటి. సరిగ్గా ఇరవై ఒక్క రోజులకొకసారి. మందుకు మొద్దుబారిన చేతివేళ్ళకు సూది తెలియకపోయినా ఆమె లెక్క తప్పనివ్వలేదు. ఆడపడుచు రాత్రీ పగలూ కత్తిరించి ఇచ్చింది. ఇరవై ఒక్క రోజులకోసారి స్ఫూర్తి పొందడం మనకు కూడా అలవాటైంది.

ఈ పద్ధతి గేటు బయట తెలిసిపోయింది. ఒక కాలేయం రోగి వైరస్ మీద గేయం రాసి సన్మానం పొందాడు, స్కానింగ్ చేయించుకుని వెళ్ళాడు. ఒక హెడ్మిస్ట్రెస్ గారు చేతులు కడుక్కునే విధానాన్ని పదహారు భంగిమల్లో ప్రదర్శించి రెండు డోసులు సంపాదించారు. రద్దీ పెరగడంతో సన్మానాల కమిటీ ఏర్పడింది, ఫారం వచ్చింది. ఫారంలో ఒకటే ప్రశ్న: మీరు సమాజానికి చేసిన సేవ ఏమిటి?

కండక్టరు ఆ గడి మీద వేలు పెట్టి మిషనక్కకు చూపించాడు.

"నేనేం చేశాను చెల్లెమ్మా? టిక్కెట్లు కొట్టాను."

"ఇరవై ఆరేళ్ళు జనాన్ని ఇళ్ళకు చేర్చావన్నా. అదే రాయి."

రాశాడు. కమిటీ కూలంకషంగా పరిశీలించింది. దరఖాస్తుదారు తన సర్వీసు మొత్తం ప్రజలను ఒకరికొకరు దగ్గరగా జరగమని ప్రోత్సహించినట్లు గమనించి, ఇది ప్రస్తుత నిబంధనల స్ఫూర్తికి విరుద్ధమని తిరస్కరించింది.

మిషనక్క ఊరుకోలేదు. ఆయన్ను తీసుకొచ్చి మన అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చోబెట్టి, మాస్కులకు రబ్బరు తాడు ఎక్కించే పని ఇచ్చింది. టిక్కెట్లు చింపిన వేళ్ళు కదా, చకచకా నడిచాయి. వెయ్యి పూర్తయ్యాక మళ్ళీ ఫారం నింపారు. సేవ: మాస్కుల తయారీ. ఈసారి కమిటీకి నచ్చింది. సన్మానం తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీకి రెండు రోజుల ముందు కమిటీలో ఒకాయన తుమ్మాడు. కమిటీ మొత్తం ఇరవై రోజులు ఇళ్ళకు పరిమితమైంది.

ఇరవై ఒకటో రోజుకు కమిటీ క్షేమంగా తిరిగొచ్చింది. కండక్టరు రాలేదు.

ఇక్కడ ఆసుపత్రి పెద్దమనసు గురించి చెప్పుకోవాలి. ఇచ్చిన మాట తప్పడం ఇష్టం లేక, అదే ఆడిటోరియంలో, అవే కుర్చీల్లో ఆయనకు సంతాప సభ ఏర్పాటు చేసింది. ఆయన ఫొటోను గేటు దగ్గర ఆపలేదు. ఫొటోలకు పరీక్ష అక్కర్లేదు. అతిథుల రిజిస్టర్లో పేరు రాసుకుని, ముందు వరస కుర్చీలో నిలబెట్టారు. ముప్ఫై రోజుల కరెంటులో ఇంకా ఇరవై ఒకటి బాకీ ఉన్న యంత్రం ఆ గోడకు అవతలే ఉంది.

"ఈయన మా కుటుంబ సభ్యుడు. ఈ తలుపులు ఈయనకు ఎప్పుడూ..." అని డైరెక్టరుగారు చేతులు చాచారు.

తర్వాత ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. అందరం లేచాం. పది సెకన్లు గడిచాయో లేదో, వెనక వరసలో ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు మొదలుపెట్టారు. ఒకరు కొడుతుంటే మనం చేతులు కట్టుకుని ఎలా నిలబడతాం? అందరం కొట్టాం. నిమిషం పూర్తయ్యేదాకా కొట్టాం.

మిషనక్క ఒక్కతే కొట్టలేదు. మందు వల్ల పాపం చేతులు తిమ్మిరెక్కి ఉంటాయని మనలో మనం జాలిపడ్డాం.