ప్రపంచం కన్నా నాలుగు అంగుళాలు ముందు

"వచ్చే జనవరి కల్లా క్రాగ్‌థార్ప్ పట్టణం ఆరుగురు ప్రొఫెషనల్ డార్ట్స్ ఆటగాళ్లను ప్రపంచానికి అందిస్తుంది" అని మా కౌన్సిల్ నాయకుడు రోలండ్ బికర్‌డైక్ గారు సెప్టెంబరు మొదటి మంగళవారం ప్రకటించారు. అప్పటికి ఆయన డార్ట్ అనే ఆ చిన్న విసురుబాణాన్ని చేత్తో పట్టుకుని ఎరగరు. అనుభవం మనిషి చూపును ఇరుకు చేస్తుందనీ, తనకు ఆ ప్రమాదం లేదనీ ఆయనే సెలవిచ్చారు. మే నెలలో ఎన్నికలున్నాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ వార్తను 'కొరియర్' వారపత్రిక మొదటి పేజీకి రాసింది నేనే. పగలు పత్రికలో పనిచేస్తాను. గురువారం సాయంత్రాలు బ్లూ రామ్ పబ్బులో డార్ట్స్ బోర్డు పక్కన సుద్దముక్కతో నిలబడి, అయిదువందల ఒకటిలోంచి ఆటగాళ్ల పాయింట్లు తీసివేస్తూ ఉంటాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తీసివేస్తున్నాను. అందువల్ల కౌన్సిల్ వారి లెక్కలు విన్నా నాకు కళ్లు తిరగవు.

ప్రకటన వెలువడిన ఆరు వారాల్లో పాత గ్రంథాలయంలో 'డార్ట్స్ ప్రతిభా కేంద్రం' వెలిసింది. పుస్తకాలను నేలమాళిగకు పంపించారు. ఆరు బోర్డులు తగిలించారు. గోడ బోసిగా ఉందని బికర్‌డైక్ గారికి తోచింది. వెంటనే ఒక్కొక్క బోర్డు వెనకాలా ఓక్ చెక్కతో పట్టణ చిహ్నం చెక్కించారు. గొర్రె, మగ్గం, రెండు గొడుగులు. మందం నాలుగు అంగుళాలు. చెక్క పనితనం నిజంగా గొప్పగా ఉంది.

ఆటగాడు నిలబడే గీత బోర్డు ముఖం నుంచి ఏడు అడుగుల తొమ్మిదింబావు అంగుళాల దూరంలో ఉండాలి. మా ఊళ్లో ఈ కొలత తెలియనివాడు ఉండడు. కాంట్రాక్టరు కొలిచాడు. కాకపోతే చిహ్నాలు రాకముందు, బోర్డులు గోడకు ఆనుకుని ఉన్నప్పుడు కొలిచాడు. గీతను రంగుతో గీయలేదు. ఇత్తడి పట్టీ మీద నాయకుడి పేరు చెక్కించి నేలలో దించి సిమెంటు పోశారు. క్రీడల శాఖ అధికారి క్రిస్పిన్ వేన్ గారు దానికి ధ్రువపత్రం ఇచ్చి, అద్దం కట్టించి గోడకు తగిలించారు.

ప్రారంభోత్సవం రోజు బికర్‌డైక్ గారు తొలి డార్ట్ విసిరారు. అది బోర్డును తప్పించుకుని గొర్రె కంట్లో దిగింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చారిత్రక వస్తువు కనుక దాన్ని పీకరాదని కౌన్సిల్ తీర్మానించింది. గొర్రె ఇప్పటికీ అలాగే చూస్తోంది.

తర్వాత కేంద్రం ఎంపిక చేసిన ఆరుగురు కుర్ర ఆటగాళ్లను నాయకుడి పక్కన ఒకే వైపు వరుసగా నిలబెట్టి ఫొటో తీయబోతుంటే, ఆరు కప్పుల ట్రే పట్టుకుని గ్లెనిస్ ఆర్మిటేజ్ వచ్చింది. యాభై నాలుగేళ్ల మనిషి, కౌన్సిల్‌లో టీ ఇచ్చే ఉద్యోగం. గురువారాల్లో బ్లూ రామ్ టీమ్‌కు ఆవిడే దిక్కు. ట్రే పట్టుకునే గీత దగ్గర నిలబడి, బోర్డు వైపు ఒకసారి చూసి, కాళ్లు కదిపి మళ్లీ చూసింది.

"గీత ముందుకొచ్చింది అబ్బాయ్" అంది నాతో.

"ఎంత?"

"నా నాలుగు వేళ్లూ పెడితే ఇంకాస్త."

క్రిస్పిన్ గారు విన్నారు. "గ్లెనిస్ గారూ, దానికి ధ్రువపత్రం ఉంది."

"గోడ మీద చూశాను బాబూ. గీత కింద ఉంది కదా."

"ఫ్రేములోంచి పక్కకు జరగండి, ఫొటో."

అప్పటికే ఫ్లాష్ వెలిగింది. గ్లెనిస్ ట్రేతో సహా ఫొటోలో పడింది. పత్రికలో అచ్చయ్యేముందు కుడి అంచు కత్తిరించమన్నారు. కత్తిరించింది నేనే. శుభ్రంగా వచ్చింది.

ఆ గురువారం బ్లూ రామ్‌లో గ్లెనిస్ తన డార్ట్స్ తుడుచుకుంటూ కూర్చుంది. జనవరిలో దక్షిణాన ఒక పెద్ద హాలులో నాలుగు రోజులు అర్హత పోటీలు జరుగుతాయి. ప్లంబర్లు, పోస్ట్‌మన్‌లు, ఇటుక మేస్త్రీలు అయిదారు వందల మంది వస్తారు. ఎక్కువ మ్యాచ్‌లు నెగ్గిన కొద్దిమందికి టూర్ కార్డు ఇస్తారు. అది చేతిలో ఉంటే రెండేళ్లపాటు సీజన్‌లోని ప్రతి టోర్నమెంటులో పెద్దవాళ్ల పక్కన ఆడవచ్చు. లేకపోతే గురువారాలు.

"ఇది ఏడోసారి" అంది. "కిందటేడు చివరి రోజు, చివరి మ్యాచ్, ఒక్క డార్ట్ తేడా. ఈసారీ కార్డు రాకపోతే వీటిని ఆ గడియారం కింద మేకుకు తగిలించేస్తాను. మీరు ఆడుకోండి, నేను తప్పులు పడుతూ కూర్చుంటాను."

"ఇప్పుడూ అదేగా చేస్తున్నావు" అన్నాడు పబ్బు యజమాని.

"ఇప్పుడు నిలబడి తప్పులు పడుతున్నాను."

మర్నాడు ఆవిడ ప్రతిభా కేంద్రంలో ఆటగత్తెగా పేరు నమోదు చేసుకోవడానికి వెళ్లింది. ఫారంలో మూడే గళ్లు ఉన్నాయి. వర్ధమాన ప్రతిభ, విశిష్ట అతిథి, క్యాటరింగ్.

"మీరు మూడో గడిలో ఇప్పటికే ఉన్నారు" అన్నారు క్రిస్పిన్ గారు. "ఒకే మనిషి రెండు గళ్లలో ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదు."

"పోనీ జనవరిలో నాలుగు రోజులు సెలవివ్వండి. పోటీల ఎంట్రీ ఫీజు నేనే కట్టుకున్నాను."

"ఆ నాలుగు రోజులా? అసాధ్యం. నాయకుడు గారు బృందంతో పాటు పోటీలకు వెళ్తున్నారు. బృందానికి టీ ఎవరిస్తారు?"

గ్లెనిస్ ఫారం మడిచి జేబులో పెట్టుకుంది. "అయితే నన్ను ఎక్కడికి రమ్మంటారు?"

"పోటీలు జరిగే చోటికే. టీ బాయిలరుతో సహా."

"సరే, మీ ఆజ్ఞ" అంది గ్లెనిస్. అంత వినయంగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

అలా జనవరిలో కౌన్సిల్ బస్సు కదిలింది. ముందు సీట్లో నాయకుడు, వెనక ఆకాశనీలం చొక్కాల్లో ఆరుగురు ఆటగాళ్లు. చొక్కాల వీపు మీద బికర్‌డైక్ గారి ముఖం నవ్వుతోంది. చివరి సీట్లో బాయిలరును ఒళ్లో పెట్టుకుని గ్లెనిస్, పక్కన విలేకరిగా నేను. మూడు నెలలుగా ఆ ఆరుగురూ రోజూ ఎనిమిది గంటల చొప్పున సాధన చేశారు. పాపం, నిజంగానే కష్టపడ్డారు. మూడు డార్ట్స్‌తో వచ్చే గరిష్ఠ స్కోరు నూట ఎనభై. కేంద్రంలో ఆ నూట ఎనభైలు వానలా కురిశాయి. ఆ గణాంకాలు నేనే అచ్చు వేశాను.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఆరుగురూ ఓడిపోయారు.

ఓడిన తీరులో గొప్ప క్రమశిక్షణ కనిపించింది. పాయింట్లు మూడింతలయ్యే ట్రెబుల్ ఇరవై పట్టీకి గురిపెట్టిన ప్రతి డార్టూ సరిగ్గా అంగుళం కింద దిగింది. అరవై రావలసిన చోట ఇరవై వచ్చింది. మిగిలిన పాయింట్లను సరిగ్గా సున్నా చేసి ఆట ముగించాలంటే, చివరి డార్ట్‌ను బోర్డు అంచున సన్నగా ఉండే, పాయింట్లు రెట్టింపయ్యే డబుల్ పట్టీలో కొట్టాలి. పైన ఉన్న డబుల్ ఇరవైకి విసిరితే అదీ అంగుళం కిందే. ఆరుగురిదీ ఒకటే అంగుళం. జట్టు స్ఫూర్తి అంటే అది.

బికర్‌డైక్ గారు తలొంచుకునే మనిషి కాదు. నేరుగా నిర్వాహకుడి బల్ల దగ్గరకు నడిచారు.

"మీ గీత తప్పు" అన్నారు.

నిర్వాహకుడు టేపు తీసి, అందరూ చూస్తుండగా కొలిచాడు. ఏడు అడుగుల తొమ్మిదింబావు.

"ఆ టేపుకు ధ్రువపత్రం ఉందా?"

"ఇది టేపు సార్."

"మా గీతకు ఉంది." క్రిస్పిన్ గారు అద్దం కట్టిన ధ్రువపత్రాన్ని సంచీలోంచి తీశారు. ఎందుకైనా మంచిదని గోడ మీంచి దింపి తెచ్చారట. "హాలులో ఉన్న అన్ని గీతలనూ నాలుగు అంగుళాలు ముందుకు జరపవలసిందిగా కోరుతున్నాం."

"అన్నిటినీనా?"

"పర్వాలేదు, మేం కాచుకుంటాం" అన్నారు బికర్‌డైక్ గారు. సర్దుకుపోయే గుణం ఆయనలో మొదటినుంచీ ఉంది.

నిర్వాహకుడు కాచుకోలేదు, టేపు చుట్టుకుని తర్వాతి మ్యాచ్ పిలిచాడు. ఆ సాయంత్రం నాయకుడు నాచేత ఒక ప్రకటన రాయించారు. 'డార్ట్స్ ప్రపంచం క్రాగ్‌థార్ప్ కన్నా నాలుగు అంగుళాలు వెనకబడి ఉంది.' ఆ వారం మొదటి పేజీ శీర్షిక అదే అయింది.

ఈ హడావుడిలో ఎవరూ గమనించలేదు గానీ, గ్లెనిస్ గెలుస్తోంది. ఉదయం టీ ఇచ్చి ఒక మ్యాచ్, కప్పులు కడిగి ఒక మ్యాచ్. ఏప్రాన్ విప్పి కుర్చీకి తగిలించడం, మూడు డార్ట్స్ తీయడం, మళ్లీ ఏప్రాన్ కట్టుకోవడం. నాలుగో రోజు సాయంత్రానికి ఇంకొక్క మ్యాచ్ నెగ్గితే కార్డు వచ్చే స్థితికి చేరింది.

ఎదురుగా ఓ పోస్ట్‌మన్. పెద్ద చేతులు, తొణకని మనిషి. చెరో అయిదు ఆటలు. చివరి ఆటలో అతనికి ముప్ఫై రెండు మిగిలాయి. గ్లెనిస్‌కు నలభై. వంతు గ్లెనిస్‌ది. డబుల్ ఇరవై, మూడు డార్ట్స్.

మొదటిది పట్టీ అంచు తీగకు బయట పడింది, పాయింట్లు లేవు. రెండోది తీగను తాకి లోపల ఇరవైలో పడింది. ఇక మిగిలింది డబుల్ పది, ఒకే డార్ట్. తప్పితే పోస్ట్‌మన్ వదలడు. సుద్దముక్క లేకపోయినా నా వేళ్లు గాల్లో తీసివేస్తున్నాయి.

సరిగ్గా అప్పుడు క్రిస్పిన్ గారు ఆవిడ భుజం దగ్గరకు వచ్చారు. "నాయకుడు గారు టీ అడుగుతున్నారు."

గ్లెనిస్ బోర్డు మీంచి చూపు తిప్పలేదు. "టీ ఆకు ఇంకా దిగలేదని చెప్పు నాయనా."

"ఎంతసేపు పడుతుంది?"

"ఇదిగో, ఇంతే."

విసిరింది. డబుల్ పది పట్టీ మధ్యలో డార్ట్ నిలబడి కాసేపు వణికింది. పోస్ట్‌మన్ వచ్చి ఆవిడను కౌగిలించుకున్నాడు. గ్లెనిస్ కళ్లు తుడుచుకుని, ఏప్రాన్ కట్టుకుని, బాయిలరు దగ్గరకు నడిచింది. నాయకుడికి టీ బాగా చిక్కగా వచ్చింది.

బస్సు క్రాగ్‌థార్ప్ చేరేలోగా ఆ కార్డు ప్రతిభా కేంద్రానిదైపోయింది. 'నూటికి నూరు శాతం ఫలితం' అన్నారు క్రిస్పిన్ గారు. ఆరుగురిని తీసేస్తే లెక్క సరిపోయింది. గ్లెనిస్‌కు టూర్ సీజన్ అంతా సెలవు మంజూరైంది. ఆవిడ కోసం ఫారంలో నాలుగో గడి చేర్చారు.

"ఇంకేమైనా కావాలా?" అని బికర్‌డైక్ గారు ఎంతో ఉదారంగా అడిగారు.

"ఆ గీత నాలుగు అంగుళాలు వెనక్కి జరపండి కౌన్సిలర్ గారూ. పాపం, ఆ ఆరుగురు పిల్లలూ బాగా ఆడతారు."

"అది తప్ప" అన్నారు నాయకుడు. "దానిమీద నా పేరుంది."

ఏప్రిల్‌లో సన్మానం జరిగింది. హాలు నిండిపోయింది. గ్లెనిస్‌ను ఆ ఇత్తడి గీత దగ్గర నుంచి మూడు డార్ట్స్ విసరమన్నారు. ఆవిడ వచ్చి, గీతకు నాలుగు అంగుళాలు వెనక నిలబడింది.

"ఇంకాస్త ముందుకు రండి" అని నాయకుడు మెల్లగా అన్నారు. "గీత అక్కడుంది."

"నాకు కనిపిస్తోంది" అంటూ గ్లెనిస్ మూడు డార్ట్స్‌నీ ట్రెబుల్ ఇరవైలో దించింది. నూట ఎనభై. గొర్రె తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. ఆకాశనీలం చొక్కాల ఆరుగురూ ఆవిడ పాదాల వైపు చూశారు. ఆ తర్వాతి గురువారం ఆరుగురూ బ్లూ రామ్‌లో కనిపించారు.

అదే సభలో ఆరడుగుల ఎన్నికల పోస్టర్ ఆవిష్కరించారు. ప్రారంభోత్సవం నాటి ఫొటోయే. ఈసారి ఎడమవైపు కత్తిరించారు. ఆరుగురు ఆటగాళ్లూ పోయారు. నాయకుడూ, పక్కన గ్లెనిస్సూ మిగిలారు. ట్రే చెరిపేసి, ఆవిడ రెండు చేతుల మధ్య మూడు డార్ట్స్ అందంగా చిత్రించారు. కింద పెద్ద అక్షరాలు: 'మొదటి రోజు నుంచీ మాతోనే.'

"ఆ నిలబడే తీరు చూశావా?" అన్నారు బికర్‌డైక్ గారు నా భుజం తట్టి. "పుట్టుకతోనే ఆటగత్తె. నేను ఆ రోజే కనిపెట్టాను."

చూశాను. పోస్టర్‌లో ఆవిడ వెనక గోడ మీద పడిన నీడను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందులో ట్రే ఉంది. ట్రే మీద కప్పులు లెక్కపెట్టాను. ఆరూ ఉన్నాయి.