ప్లాస్టరు ఊడిన బుధవారం

ఆ బుధవారం ఉదయానికి ప్లాస్టరు గారు వేసుకున్న పథకంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నర దాటాక గడ్డం, పదింటికి స్నానం, పదిన్నరకు ఇస్త్రీ చొక్కా. పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, సమావేశంలో తన ఎనిమిది నెలల కష్టాన్ని కంపెనీ అధినేత పెద్దాయన ముందు పెట్టి సరేననిపించుకోవడం. ఆ కష్టం పేరు కెమెరా లేని ల్యాప్‌టాప్.

ఆయన ల్యాప్‌టాప్‌లు తయారుచేసే కంపెనీలో డిజైనరు. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. మూడేళ్ల క్రితం ఇంట్లో ఉన్న తన ల్యాప్‌టాప్ కెమెరా మీద, తెగిన వేలికి వేసే ప్లాస్టరు ముక్క ఒకటి అంటించి, ఆ సంగతి పదిమందికీ గొప్పగా చెప్పుకున్నందువల్ల అందరి నోటా ప్లాస్టరు అయిపోయారు. ఆయనా కాదనలేదు. "కెమెరా కావాలనుకున్నవాళ్లు విడిగా తెచ్చి తగిలించుకుంటారు. అక్కర్లేనివాళ్ల ఇంట్లో అది కన్ను తెరుచుకుని కూర్చోవడం ఎందుకు?" అన్నది ఆయన వాదం. ఈ వాదం పెద్దాయన ఒప్పుకుంటే కొత్త మోడల్ విభాగానికి ఈయనే అధిపతి. ఒప్పుకోకపోతే కీబోర్డు మీటల మధ్య సందులు కొలిచే పాత బల్ల ఇంకా అక్కడే ఉంది. ఆ బల్ల దగ్గర ఆయన పదకొండేళ్లు కూర్చున్నారు.

ప్లాస్టరు మీద ఉన్న నమ్మకం కొద్దీ ఆయన కెమెరా ఆపే మీట ఎక్కడుందో కూడా ఎన్నడూ నేర్చుకోలేదు. బుధవారాలు అందరూ ఇంటినుంచే పనిచేస్తారు కాబట్టి, ప్రతి బుధవారమూ సమావేశంలో ఈయన గడి నల్లగానే ఉండేది. ఒక్కటే చికాకు. ఆ ప్లాస్టరు నెల తిరగకుండా జిగురు వదిలేసేది. ఆయన ఊరుకుంటారా? తయారీదారుకు రెండుసార్లు ఘాటుగా ఉత్తరం రాశారు. వాళ్లు క్షమాపణ చెప్పుకుని ఒక డబ్బా ఉచితంగా పంపారు. దాని జిగురూ అంతే.

జిగురు తప్పేమీ లేదని ఆ ఇంట్లో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆయన ఆఫీసుకు వెళ్లే రోజుల్లో, సరిగ్గా పదింటికి, అత్తగారు గోటితో ప్లాస్టరు ఒలిచి, చెల్లెలితో ఓ అరగంట మాట్లాడుకుని, మళ్లీ జాగ్రత్తగా అంటించేవారు. అడిగితే అల్లుడు ఏమంటాడోనని అడగలేదు. బుధవారాలు మాత్రం ఆ ల్యాప్‌టాప్ జోలికి వెళ్లరు. కానీ నిన్న, చెవుల డాక్టరు ఏమన్నాడో చెల్లెలు చెప్పబోతుండగానే కరెంటు పోయింది. రాత్రంతా ఆవిడకు అదే ధ్యాస. అల్లుడు పదింటికి స్నానానికి వెళ్తాడు, అరగంట దాకా బయటికి రాడు. అది చాలు.

అందుకే ఉదయం ఎనిమిదింటికి, బడికి తయారైన మనవరాలిని మెల్లగా ల్యాప్‌టాప్ దగ్గరకు తీసుకెళ్లారు.

"రోజూలాగే పదింటికి కాల్ పెట్టి చిన్నమ్మమ్మకి పంపించవే తల్లీ. నాకు ఆ నొక్కుళ్లు రావు."

తండ్రి పాస్‌వర్డు తెలిసిన ఆ పిల్ల తెర చూసింది. "పది గంటలకు కాల్, చేరడానికి ఇక్కడ నొక్కండి" అని అప్పటికే అక్కడ రాసి ఉంది.

"ఆల్రెడీ పెట్టేసుందిగా అమ్మమ్మా!" అంటూ దాన్నే చిన్నమ్మమ్మకు పంపేసి, బస్సు కోసం పరుగెత్తింది.

పెద్దాయన సమావేశాన్ని పదకొండునుంచి పదింటికి జరిపారన్న కబురు అది. దాన్ని ఇంటి యజమాని చదవలేదు, ఆయన పదేళ్ల కూతురు చదివింది.

గ్రంథాలయంలో పనిచేసే భార్య తొమ్మిదింటికి బయల్దేరుతూ, "ఇవాళైనా వాళ్లకి మీ మొహం చూపించండి" అంది.

"నా మొహం వాళ్లకెందుకు? నా రిపోర్టు చూస్తే చాలు" అన్నారు ప్లాస్టరు గారు.

పదికి అయిదు నిమిషాలుందనగా, కుడి బుగ్గ నున్నగా గీసి, ఎడమ బుగ్గ నిండా నురగతో ఉండగా ఫోను మోగింది. ఫ్యాక్టరీ చూసుకునే మేడమ్.

"ఎక్కడున్నారు సార్? పదింటికే కదా! పెద్దాయన వచ్చేశారు."

చొక్కాకు వ్యవధి లేదు, మొహం కడగడానికీ లేదు. అయినా ప్లాస్టరు ఉండగా భయమెందుకు? బనీనుతోనే పరుగెత్తి, కుర్చీలో కూలబడి, కళ్లజోడు పెట్టుకుని కాల్‌లో చేరిపోయారు. రిపోర్టును తెరనిండా పరుచుకున్నారు. మిగతావాళ్లు అంచున తపాలా బిళ్లలంత గళ్లలోకి సర్దుకున్నారు. తన గడి ఆ రిపోర్టు వెనకాల ఎక్కడో పడిపోయింది.

అప్పటికి నిమిషం ముందే అత్తగారు ప్లాస్టరు ఒలిచేశారు. వేలికొసకు అంటుకున్న ఆ ముక్కతో, స్నానాల గదిలో ఉండవలసిన అల్లుణ్ణి చూస్తూ కుర్చీ వెనకే కొయ్యబారిపోయారు.

అటువైపు ఏడుగురూ నోరు వెళ్లబెట్టారు. మూడేళ్లుగా నల్లగా ఉన్న గడిలో ఒక బనీను, సగం నురగ, దాని వెనక ఒక పెద్దావిడ. ఒక్కొక్కరూ నవ్వు ఆపుకోలేక మైకు ఆపేసుకున్నారు.

"మొదలుపెట్టమంటారా?" అన్నారు ప్లాస్టరు గారు గంభీరంగా.

"పె... పెట్టండి" అన్నారు పెద్దాయన.

"అయ్యా, ఇంట్లో మనిషి ఏ అవతారంలో ఉన్నాడన్నది లోకానికి అనవసరం. ఈ కెమెరా వల్ల ఆ కాస్త మర్యాదా పోతోంది. ఎవరిదాకానో ఎందుకు, నన్నే తీసుకోండి."

అందరూ అప్పటికే ఆయన్నే చూస్తున్నారు. పెద్దాయన మాత్రం ముందుకు వంగారు. ఆయన మొహంలో నెమ్మదిగా వెలుగొచ్చింది.

"మీరు ఇంతకు తెగిస్తారనుకోలేదండీ. నోటితో చెబితే పోయేదానికి... మెచ్చుకోవాలి."

పద్నాలుగో పేజీలో తాను గీసిన పట్టిక గురించి అంటున్నారనుకుని ప్లాస్టరు గారు వినయంగా తల వంచారు. వంచినప్పుడు కాస్త నురగ కీబోర్డు మీద పడింది. దాన్ని వేలితో తుడిచేసి చదవడం కొనసాగించారు.

ఇక్కడ అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చారు. ఎలాగైనా ప్లాస్టరు మళ్లీ అంటించెయ్యాలి. అల్లుడి భుజం మీదుగా చెయ్యి చాచారు. ఏడు తెరల మీద ఒక పెద్ద వేలు వచ్చి, కాసేపు ఊగింది.

"అత్తయ్యగారూ, మీటింగులో ఉన్నాను."

"కొంచెం పనుంది బాబూ, ఒక్క క్షణం..."

"తర్వాత చూద్దామండీ."

వేలు వెనక్కి పోయింది. "ఇంట్లోవాళ్లు కూడా ఎలా చిక్కుతారో చూపిస్తున్నారు" అని పెద్దాయన మిగతావాళ్లకు వివరించారు. ఆ మాట ప్లాస్టరు గారికి అర్థం కాలేదు. కానీ పెద్దాయన సంతోషంగా కనిపించారు కాబట్టి ఎందుకైనా మంచిదని "అవునండి" అన్నారు.

అప్పుడే కొత్త గడి ఒకటి తెరుచుకుంది. ముందు ఒక నుదురు, తర్వాత లావుపాటి కళ్లజోడు, ఆ తర్వాత ఇల్లెగిరిపోయేంత గొంతు.

"అక్కా! కనబడుతున్నానా? ఏంటీ, ఇంతమందిని పిలిచావు?"

అత్తగారి చెల్లెలు! ప్లాస్టరు గారి పైప్రాణాలు పైనే పోయాయి. "చిన్నత్తయ్యా, మీరేంటిక్కడ?" అన్నారు.

"ఉండండి, ఉండండి" అని పెద్దాయన చెయ్యెత్తారు. "ఇది రెండో భాగం. కెమెరా ఉంటే ఎవరు పడితే వాళ్లు తిన్నగా లోపలికొచ్చేస్తారని. అంతేనా?"

అంతే కాదని చెప్పే ధైర్యం ఆ స్థితిలో ఎవరికుంటుంది? ప్లాస్టరు గారు తలాడించారు.

అమ్మకాల మేనేజరు, అంటే కెమెరా ఉండి తీరాలని మొదటినుంచీ పట్టుబట్టినవాడు, మైకు ఆపుకుని ఏదో గొణుక్కున్నాడు. ఎవరికీ వినపడలేదు. చిన్నత్తయ్య మాత్రం అతని గడి వైపు తిరిగింది.

"పిచ్చేం పట్టలేదు నాయనా! సగం గడ్డం గీసుకుని మధ్యలో లేచొచ్చాడు, అంతే."

మేనేజరు నాలుక కరుచుకున్నాడు. ప్లాస్టరు గారి చెయ్యి మెల్లగా తన ఎడమ బుగ్గ మీదికి వెళ్లింది. చెయ్యి చూసుకున్నారు. నురగ. తల ఎత్తి తెర పైఅంచు చూశారు. ప్లాస్టరు ఉండవలసిన చోట నల్లని గాజు బొట్టు, పక్కనే పచ్చ దీపం ఆయన్నే చూస్తున్నాయి. లేచి పారిపోదామనుకున్నారు కానీ, పైన బనీనుకు తోడు కింద ఉన్నది చిరుగుల నిక్కరు. కదలకుండా కూర్చోవడమే మేలనిపించింది.

ఫ్యాక్టరీ మేడమ్ పెదాలు కదిలాయి. మైకు ఆపే ఉంది.

"కూర మాడుతుంటే ఇంకా కూర్చున్నావేంటమ్మా? వెళ్లి స్టవ్ ఆపేసి రా. మేమెక్కడికీ పోం" అంది చిన్నత్తయ్య.

ఆమె లేచి పరుగెత్తి, క్షణంలో తిరిగొచ్చి కూర్చుంది.

పెద్దాయన మైకు ఆపుకుని, తన గదిలో ఎవరివైపో తిరిగి, చిరునవ్వుతో ఒక ముక్క అన్నారు. చిన్నత్తయ్య దాన్ని శ్రద్ధగా చదివి, అందరి సౌకర్యం కోసం పైకి చెప్పింది.

"నిన్ననే కెమెరా ఉన్న మోడల్ ఖాయం చేసేశారటగా! ముచ్చటపడుతున్నారని వీళ్లని కాసేపు మాట్లాడనిస్తున్నారట. అయ్యో, ముందే చెబితే పాపం ఆ అమ్మాయి కూర మాడేది కాదుగా?"

ప్లాస్టరు గారికి ఎనిమిది నెలలూ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. బనీనులో ఉన్నానన్న సిగ్గు పోయి, మనసు చివుక్కుమంది.

పెద్దాయన మైకు తెరిచారు. "నేను... మైకు ఆపాను కదా?"

"ఆపారండీ" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"మరి ఆవిడకెలా వినపడింది?"

"ఆవిడకు ఏమీ వినపడదండీ" అన్నారు ప్లాస్టరు గారు నీరసంగా. "ఇరవయ్యేళ్లుగా చెవులు పనిచెయ్యవు. పెదాలు చూసి గ్రహిస్తారు. మైకున్నా లేకపోయినా ఆవిడకు ఒకటే."

ఏడు చేతులు ఏడు నోళ్ల మీదికి వెళ్లాయి.

"మూడో భాగం ఇదా!" అన్నారు పెద్దాయన అరచేతి వెనకనుంచి. ఆయన నుదుటి మీద చెమట అందరికీ స్పష్టంగా కనిపించింది. కంపెనీ కెమెరా మంచిదే. "నెగ్గారండీ మీరు. నిన్నటి మాట రద్దు. కెమెరా తీసేద్దాం. కాదనేవాళ్లున్నారా?"

"తీసెయ్యాల్సిందే!" అన్నాడు అమ్మకాల మేనేజరు అందరికంటే ముందు. మిగతా చేతులూ లేచాయి. కొత్త విభాగం, అధిపతి కుర్చీ, అన్నీ వచ్చి ఒళ్లో పడ్డాయి. ప్లాస్టరు గారు కృతజ్ఞతలు చెప్పడానికి నోరు తెరిచారు.

సరిగ్గా అప్పుడు, భుజం వెనకనుంచి అత్తగారు గొంతు రాకుండా, పెదాలతో మాత్రం చెల్లెల్ని ఏదో అడిగారు. అల్లుడి పనికి అడ్డం రాకూడదని ఆవిడ జాగ్రత్త.

చిన్నత్తయ్యకు ఆ జాగ్రత్తలు లేవు. "డాక్టరా? మెషిను పెట్టినా లాభం లేదన్నాడక్కా! పోనీలే, దానికేముంది? రోజూ పదింటికి నువ్వు కనబడుతున్నావుగా!"

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఒత్తుకున్న చేతి వేలికి ఒక ప్లాస్టరు ముక్క వేలాడుతోంది. దాని మీద చుట్టూ గోటి గుర్తులు. ప్లాస్టరు గారు దాన్ని చూశారు. రెండు ఉత్తరాలూ, ఉచితంగా వచ్చిన డబ్బా గుర్తొచ్చాయి. అక్కాచెల్లెళ్లు ఎప్పుడో ఫోనులో మాట్లాడుకుంటారులే అనుకున్నారు కానీ, వినపడని మనిషితో ఫోనేమిటని మూడేళ్లలో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆయనకు చాలా సిగ్గేసింది. ఈ సిగ్గుకు బనీనుతో సంబంధం లేదు.

"కాదంటున్నానండీ" అన్నారు.

"ఎవరు?" అన్నారు పెద్దాయన.

"నేనే. కెమెరా ఉండాలి."

"ఇది నాలుగో భాగమా?"

"ఇందులో భాగాలేమీ లేవండీ. నేను నిజంగానే గడ్డం గీసుకుంటూ వచ్చాను." ఆయన నురగ తుడుచుకున్నారు. "కావలసినవాళ్లు విడిగా తగిలించుకుంటారని రాశాను. తగిలించుకోవాలంటే మా అత్తయ్యగారు నన్నడగాలి. మూడేళ్లుగా ఆవిడ నన్ను అడగలేకపోయారు. నా రిపోర్టులో అది లేదు."

ఏడుగురూ మళ్లీ చేతులు నోళ్లకు అడ్డం పెట్టుకున్నారు. లేకపోతే లోపల గొణిగినా చిన్నత్తయ్య చెప్పేసేది. చివరికి అత్తగారే ముందుకు వంగారు.

"నాకు తెలీకడుగుతానండీ. ఇంటికి తలుపు పెట్టుకుంటాం కదా, దానికీ ఒక తలుపు పెడితే సరిపోదా? కావాలంటే తీస్తాం, లేకపోతే వేస్తాం. నేను రోజూ చేస్తున్నది అదేగా."

ఏడుగురు నిపుణులు, ఒక డిజైనరు కాసేపు ఆలోచించారు. "రాసుకోండి" అన్నారు పెద్దాయన. "ఆ తలుపు ఈయనే చేస్తారు. కొత్త విభాగం ఎందుకులెండి, కీబోర్డు బల్ల దగ్గరే చెయ్యొచ్చు."

పాత బల్లకు తిరిగి వెళ్లిన ప్లాస్టరు గారు మొదట చేసిన పని ప్లాస్టర్ల కంపెనీకి మూడో ఉత్తరం రాయడం. జిగురు చాలా బాగుందని, తప్పు తనదేనని. ఆ తర్వాత తలుపు పని మొదలుపెట్టారు.

కంపెనీ కెమెరా ఎంత స్పష్టంగా ఉందో ఆవిడకంటే బాగా చెప్పేవాళ్లు దొరకరని, పెద్దాయన మాట తూలి చిన్నత్తయ్యను ప్రతి బుధవారం సమావేశానికి పిలిచారు. మరుసటి బుధవారం అందరూ ఇస్త్రీ చొక్కాలతో, మూతి ముందు తలో కాఫీ కప్పు పట్టుకుని వచ్చారు. గంటసేపు ఒక్క కప్పూ కిందికి దిగలేదు, ఒక్క కప్పులోనూ కాఫీ లేదు.