ఫిరంగి గుండుకు రసీదు

"మన గడ్డ మీద పడే ఏ ఒక్క గుండునూ జవాబు లేకుండా పోనివ్వం!" అని సరిహద్దు ప్రశాంతతా శాఖ సహాయమంత్రిగారు జిల్లా కేంద్రంలో పదిహేడు మైకుల ముందు సెలవిచ్చారు. బౌద్ధ ఆరామం మండపంలో టీవీ ముందు కూర్చున్న మా ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఇంకా సగంలో ఉండగానే రెండు దేశాల మధ్య పారే మోయ్ నది ఆవలి ఒడ్డు నుంచి ఒక గుండు ఎగిరి వచ్చి సీనువన్ అనే పెద్దావిడ వరిచేలో పడింది. మంత్రిగారి వాక్కు ఇంత త్వరగా ఫలిస్తుందని మాలో ఎవ్వరూ ఊహించలేదు.

గుండు పేలలేదు. ముక్కు బురదలో దించి, తోక ఆకాశానికెత్తి, తపస్సు చేసుకుంటున్నట్టు నిశ్చలంగా నిలబడింది.

సీనువన్ భర్త పోయి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచి ఆ రెండెకరాలనూ ఒంటిచేత్తో సాగు చేసుకుంటున్న మనిషి. గుండు పడేనాటికి వరి పండి తల వంచి ఉంది. పది రోజుల్లో కోయకపోతే గింజంతా నేల రాలుతుంది. ఆవిడకూ, ఆవిడ మనుమరాలికీ ఏడాది తిండి అంతా ఆ చేలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే డిప్యూటీ జిల్లా అధికారి వోరపోత్ గారు విచ్చేశారు. ఆరామంలో ఉపాసకులకు పంచశీలాలు చెప్పించే పని నాది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఐదు శీలాలకే జనం తడబడతారు. వోరపోత్ గారి ఫైలులో నూట నలభై నియమాలున్నాయి. ఆయన ఒక్కటీ తప్పరు. అటువంటి మహనీయుడు మా ఊరికి రావడం పూర్వజన్మ సుకృతమేనని నా నమ్మకం.

ఆయన చేను చుట్టూ ఎర్రచారల టేపు కట్టించారు.

"పెద్దమ్మా, ఇకమీదట ఈ చేలో ఎవ్వరూ అడుగు పెట్టకూడదు."

"ఎన్నాళ్ళు బాబూ?"

"గుండు తీసేదాకా."

"అయితే తియ్యండి. నేనేమన్నా వద్దన్నానా?"

"అలా తీసెయ్యడానికి లేదు. అది పరాయి దేశపు ఆస్తి. ముందు మనం నిరసన లేఖ రాయాలి. లేఖ ముట్టినట్టు ఆవలి అధికారి సంతకం పెట్టి, సీలు వేసి ఇవ్వాలి. అప్పుడు గుండు వాళ్ళదేనని రుజువవుతుంది. రుజువయ్యాకే తీస్తాం."

"వాళ్ళది కాకపోతే నాదా? నేను నాటింది వరి. గుండ్లు నాటలేదు."

వోరపోత్ గారు ఆ మాటను శ్రద్ధగా రాసుకుని, "వాంగ్మూలం" అని పక్కన గుర్తు పెట్టుకున్నారు.

బాంబులు తీసే సార్జెంట్ దేచా గట్టు మీద బోర్లా పడుకుని దుర్భిణిలోంచి గుండును పరిశీలించాడు. "సరికొత్త సరుకు సార్. పిన్ను తియ్యడం మరిచిపోయి వదిలారు, అందుకే పేల్లేదు. పది నిమిషాల పని నాకు."

"మీ పని పది నిమిషాలే సార్జెంట్. దానికి ముందు మా పనుంది. ఆ పిన్ను సంగతి మాత్రం వివరంగా రాసివ్వండి. అనుబంధంలో జతపరుస్తాను."

నిరసన లేఖ సిద్ధం కావడానికి మూడు రోజులు పట్టింది. నాలుగు పేజీలు. "తీవ్రంగా ఖండిస్తున్నాము" అని రాస్తే మర్యాదగా ఉండదని "సవినయంగా ఆశ్చర్యపడుతున్నాము" అని మార్చడానికే ఒక రోజు గడిచింది. లేఖ ఆవలి ఒడ్డు సైనిక శిబిరాధిపతి కర్నల్ టిన్ మ్యాట్ గారి పేరున తయారైంది. తొమ్మిదేళ్ళుగా అక్కడ ఆయనే ఉన్నారు.

లేఖ మీద చివరి సంతకం ఆరుతుండగా కర్నల్ గారి శిబిరం, ఆ సైన్యంతో యుద్ధం చేస్తున్న ఆ దేశపు తిరుగుబాటుదారుల వశమైంది. కర్నల్ గారు ముప్పై ఒక్క మంది సైనికులతో నది దాటి వచ్చి మా బడి వరండాలో కూర్చున్నారు. అదే మధ్యాహ్నం మంత్రిగారు టీవీలో, "ఆవలి సైనికుడెవ్వడూ మన నేల మీద అడుగు పెట్టలేదు, పెట్టబోడు," అని ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. వరండాలోని కొందరు సైనికులు కూడా కొట్టారు.

సీనువన్ పరుగెత్తుకు వచ్చింది. "బాబూ, మీ కర్నల్ మన బళ్ళోనే కూర్చుని నూడిల్స్ తింటున్నాడు! కాగితం పట్టుకెళ్ళి సంతకం పెట్టించుకు రండి!"

"అక్కడెవ్వరూ లేరు పెద్దమ్మా."

"రెండో గిన్నె కూడా అడిగాడు. నా చేత్తో నేనే పోశాను."

"లేని మనిషికి పోశారన్నమాట. చాలా పుణ్యం."

"పుణ్యం సరే. చేలో గింజ రాలడం మొదలెట్టింది, వెళ్ళి చూశారా?"

"టేపు కట్టాక నేనైనా వెళ్ళకూడదు కదా!"

నాలో నేను ఆయనకు నమస్కరించాను. తాను పెట్టిన గీతను తానే దాటని అధికారి ఈ కాలంలో ఎక్కడ దొరుకుతాడు?

రెండు రోజులు నియమాలన్నీ తిరగేసి వోరపోత్ గారు మార్గం కనిపెట్టారు. కర్నల్ గారు ఇక్కడ లేరు గనక ఇక్కడ సంతకం పెట్టలేరు. అక్కడికి వెళితే ప్రాణాలతో ఉండరు గనక అక్కడా పెట్టలేరు. సరిహద్దు మాత్రం నదిలో అన్నిటికన్నా లోతైన చోట ఉంది. ఆ గీతకు ఆవలిపక్క ఒక అడుగు దూరంలో నిలబడి సంతకం పెడితే అన్ని నియమాలూ నెరవేరతాయి.

ఏడో రోజు ఉదయం వెదురు గడలతో లోతు కొలుస్తూ నదిలో దిగాం. భిక్షువులకు భోజనం సమర్పించే స్టీలు పళ్ళెం మీద లేఖ పెట్టుకుని, పంచె ఎగగట్టి నేనూ దిగాను. కర్నల్ గారు మంత్రిగారి బొమ్మ ఉన్న బనీను తొడుక్కుని వచ్చారు. పోయిన ఎన్నికల్లో పంచగా మిగిలినవాటిని ఆరామానికి దానం చేశారు లెండి. బనీను వీపున "ఎప్పుడూ మీ వెంటే" అని రాసి ఉంది.

నడుంలోతు నీళ్ళలో నిలబడి కర్నల్ గారు సంతకం పెట్టారు.

"సీలు?" అన్నారు వోరపోత్ గారు.

"బల్ల సొరుగులో ఉంది."

"బల్ల?"

"శిబిరంలో."

ఆవలి ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి గొంతెత్తి, "ఏం కావాలండీ మీకు?" అని అడిగాడు. తిరుగుబాటుదారుల నాయకుడు సా తమ్లా ఆయనే. యుద్ధం రాక ముందు బడిలో భూగోళం చెప్పేవాడు.

"సీలు!" అని మేమంతా అరిచాం.

ఆయన సీలు తీసుకుని నీళ్ళలోకి దిగి వచ్చాడు. మొన్నమొన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్న ఇద్దరూ నా పళ్ళేనికి చెరో పక్కన నిలబడ్డారు.

"సీలు వేస్తాను. ఆ గుండు మాదని రాస్తేనే," అన్నాడు సా తమ్లా. "ఆ శిబిరంలో సరుకంతా ఇప్పుడు మాది."

"పేల్చింది నేనయ్యా!" అన్నారు కర్నల్ గారు.

"పేల్చారా? పేలిందా?"

"మాస్టారూ, వెటకారం వద్దు. మావాడికి భూగోళంలో మూడు మార్కులేసినప్పుడే మీ సంగతి నాకు తెలుసు."

"సరిహద్దు గీయమంటే నదిని కొండ మీదుగా గీశాడు. మూడు కూడా జాలిపడి వేశాను."

వోరపోత్ గారు ఇద్దరికీ సర్దిచెప్పి ఒక వాక్యం చేర్చారు. "సదరు గుండు ఆవలి ఒడ్డు ఆస్తి అయినందున, ఆవలి ఒడ్డునకు భద్రముగా తిరిగి అప్పగించవలెను." ఒకరి సంతకం మీద రెండోవారి సీలు పడింది. సాయంత్రం మంత్రిగారు టీవీలో, "బద్ధశత్రువుల్ని ఒకే కాగితం మీదికి తెచ్చిన ఘనత మన ప్రభుత్వానిది," అన్నారు. అందులో అబద్ధం లేదు. ఆ కాగితాన్ని మోసింది నేనే.

ఎనిమిదో రోజు దేచా తొమ్మిది నిమిషాల్లో గుండు పైకి తీశాడు. అప్పగింతకు మంత్రిగారు స్వయంగా వేంచేశారు. గుండును తోమి, బంతిపూల దండ వేసి, పట్టు దిండు మీద పెట్టి, పడవలో నది మధ్యకు తీసుకెళ్ళారు. దానితో పాటు లేఖ, రసీదు, మూడు అనుబంధాలు. సా తమ్లా మాస్టారు కనుక అన్నీ నిదానంగా చదివాడు. "పేలకపోవడానికి గల కారణం" అన్న మూడో అనుబంధం దగ్గర ఆగి, జేబులోంచి ఎర్రసిరా కలం తీసి "పిన్ను" అన్న మాట కింద గీత గీసుకున్నాడు.

"చాలా ఉపయోగకరమైన నివేదిక," అన్నాడు.

"మాది పారదర్శక పాలన," అన్నారు మంత్రిగారు.

ఆ గంట నుంచే సీనువన్ కొడవలి పట్టింది. ఊరంతా సాయం వెళ్ళింది, నేను కూడా నాలుగు పనలు కోశాను. రెండు రోజుల్లో కోత ముగిసింది. రాలింది పోగా ఇంకా మూడు వంతులు మిగిలింది. పనలు చేలోనే ఎండబెట్టింది. మర్నాడు ఉపోసథ పర్వదినం. ధాన్యం దక్కిన సంతోషంతో సీనువన్ మనుమరాలిని వెంటబెట్టుకుని శీలాలు తీసుకోవడానికి ఆరామానికి వచ్చింది.

మేము రెండో శీలంలో ఉన్నాం. మండపం కప్పు పెంకులు దడదడలాడాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. మేము వెళ్ళేసరికి చేను మధ్యన మనిషి లోతు గొయ్యి ఉంది. ఎండిన పనలు ఎండినట్టే చక్కగా అంటుకుని గట్టు నుంచి గట్టుదాకా కాలిపోయాయి. సీనువన్ ఏడవలేదు. పొగలోకి వెళ్ళి, కొడవలితో కెలికి, ఒక ఇనుప తోకముక్కను కొంగుతో పట్టుకుని బయటికి తెచ్చింది.

వోరపోత్ గారు టేపు చుట్టతో సహా అరగంటలో వచ్చేశారు. అంత చురుకైన యంత్రాంగం ఏ దేశంలోనూ ఉండదు. తోకముక్కను తుడిచి, కళ్ళద్దాలు పెట్టుకుని దాని మీది నెంబరు చదివారు. ఫైలు తెరిచి సరిచూశారు. మరోసారి సరిచూశారు. ఆయన ముఖం విప్పారింది.

"పెద్దమ్మా, మీరు అదృష్టవంతులు! అదే నెంబరు, మనం తిరిగి అప్పగించిన గుండే ఇది. దీనికి మనం రసీదు తీసుకునే ఉన్నాం. మళ్ళీ లేఖ అక్కర్లేదు, టేపూ అక్కర్లేదు."

అక్కడికక్కడే ఒక కాగితం రాసి, సీలు వేసి, మసిబారిన ఆవిడ చేతిలో పెట్టారు.

"ఏంటి బాబూ ఇది?"

"అనుమతి పత్రం. ఇక మీరు నిరభ్యంతరంగా కోత కోసుకోవచ్చు."

సీనువన్ కాగితం వైపు చూసింది. చేను వైపు చూసింది.

"ఏం కోసుకోను?"

వోరపోత్ గారు నూట నలభై నియమాలనూ మనసులో ఒకసారి తిరగేసుకున్నట్టున్నారు.

"అది వ్యవసాయ శాఖ వారిని అడగాలి పెద్దమ్మా," అన్నారు.